ఫేబీ లెన్సు ఎంచుకున్న వారం

ఫేబీ గెలిచిన కొట్లాట ఒకటి నా కండ్ల ముందే జరిగింది. ముందు అది చెప్తే ఆమె ఎట్లాంటి మనిషో మీకు తెలుస్తది.

అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్ల సందులో ఒక కండ్లజోళ్ల దుకాణం ఉన్నది. ఫేబీ అందులో పదహారేండ్ల సంది పని చేస్తున్నది. నా కండ్లజోడు కాడ ఊడితే బిగించుకుందామని పోయి కూచున్న. అంతలో సూర్యనారాయణ గారని ఒక పెద్దమనిషి భార్యను వెంటబెట్టుకొని వచ్చిండు. ఇస్త్రీ చొక్కా, చేతిలో కారు తాళాలు. వచ్చుడు వచ్చుడే కండ్లజోడు కౌంటర్ మీద పడేసిండు.

"ఏంటమ్మా ఇది? నెంబరు తప్పేశారు. పెట్టుకుంటే తల తిరుగుతోంది. నా డబ్బులు నాకిచ్చెయ్యండి."

ఓనరు అప్పటికే గల్లాపెట్టె మీద చెయ్యి వేసిండు. పెద్ద గొంతు వినబడితే పైసలు వాపసు ఇచ్చి పంపుడే ఆయన పద్ధతి. ఫేబీ మాత్రం కదల్లే. కండ్లజోడు తుడిచి, కాడలు విప్పి, కౌంటర్ గాజు మీద బోర్లించింది. మూడు దిక్కుల ఆనింది, నాలుగో దిక్కు గాలిలో ఉన్నది. వేలుతో తాకితే టకటకమని ఊగింది.

"నెంబర్ మంచిగనే ఉన్నది సార్. ఫ్రేము వంకర పోయింది. దీని మీద ఎవరో కూచున్నరు."

"మా ఇంట్లో కళ్లజోడు మీద కూర్చునేవాళ్లు ఎవరూ లేరు!"

"ఉన్నరు సార్. చిన్నపిల్లలు సుత కాదు, మంచి బరువున్న మనిషే."

ఆయన భార్య హైమవతి గారు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నది. ఎంత ఆపుకున్నా నవ్వు ఆగలే. "మొన్న మ్యాచ్ చూస్తూ సోఫాలో... మీరే కదండీ, ఉలిక్కిపడి లేచారు!"

ఫేబీ ఫ్రేమును వేడిచేసి, సరిచేసి ఆయన ముక్కు మీద పెట్టింది. ఎదురు గోడ మీద అక్షరాల అట్ట ఉంటది కదా, అది చదవమన్నది. అయ్యగారు కింది వరస దాంక గడగడ చదివిండు. కండ్లజోడు తీయకుండనే పోయి కారెక్కిండు. హైమవతి గారు మాత్రం మెట్ల మీద సుత నవ్వుతనే ఉన్నది.

ఆ అక్షరాల అట్ట మీద ఫేబీకి అంత నమ్మకం. ఎవరు ఏమన్నా అట్ట చెప్పిందే నిజం. ఆ నమ్మకమే తర్వాత ఆమెను ముంచబోయింది.

ఆమె ఉండేది నా ఇంట్లోనే, మీది గదిలో. పంజాగుట్ట మెట్రో దిగి, పెద్ద దవాఖాన పక్క సందులో మూడు మలుపులు తిరిగితే మా ఇల్లు. నేను చదివింది మూడో తరగతి. సోమాజిగూడ దవాఖానలో ముప్పై ఏండ్లు ఆయాగా చేసి, ఇటుక మీద ఇటుక పెట్టి కట్టిన. ఇందులో ఎవని దయా లేదు, నా మొగునిది అసలే లేదు. ఫేబీ జహీరాబాద్ దిక్కు నుంచి వచ్చింది. నలభై నాలుగేండ్లుంటయి. పెండ్లెందుకు చేసుకోలేదని చర్చిలో ఆడోళ్లు అడుగుతరు. "చేసుకున్నోళ్లను ఎందుకు చేసుకున్నరని అడుగుతుండ్రా?" అంటది. ఆ ఒక్క మాటకే నేను కిరాయి పెంచలేదు.

ఆమెకున్న పిచ్చి ఒక్కటే, పిట్టల ఫోటోలు. ఎవరో వాడి అమ్మిన కెమెరా ఒకటి కొన్నది. దానికున్న చిన్న లెన్సుతో తీస్తే కొంగ సుత ఈగంత కనబడతది. పెద్ద లెన్సు కొంటానని రెండేండ్ల సంది ఫోన్‌లో వీడియోలు చూసుడే. ఒకడు ఇది మంచిదంటడు, ఇంకొకడు దాన్ని చెత్తంటడు. ఈ రోజు ఒకటి ఖాయం చేస్తది, తెల్లారేసరికి మనసు మారుతది. "ఎన్ని సంబంధాలు చూస్తవే, ముహూర్తం పెట్టుకో" అని నేను తిట్టేదాన్ని.

ఆ తీరిక ఈ ఎండాకాలం ఒక్కసారి అయిపోయింది.

మా డాబాకు ఎదురుగ, సందు అవతల, పాత బంగ్లా ఒకటి ఉన్నది. దాని ఆవరణలో పెద్ద నిద్రగన్నేరు చెట్టు. చెట్టు తొర్రలో హార్న్‌బిల్ అనే పిట్టల జంట గూడు పెట్టింది. బూడిద రంగు, ముక్కు మీద చిన్న కొమ్ము. ఆడది లోపల కూచొని రెట్ట, మట్టి కలిపి వాకిలి తానే పూసుకుంటది. ముక్కు పట్టేంత చీలిక మాత్రం వదుల్తది. మొగది ఊరంత తిరిగి పండ్లు తెచ్చి ఆ చీలికలోంచి అందిస్తది, పిల్లలు పెద్దయ్యేదాంక. నా మొగుడు నాకు ఒక్కనాడు చాయ్ అందియ్యలే.

బంగ్లాను అపార్ట్‌మెంట్ కట్టనీకి విజయేందర్ అనే కాంట్రాక్టరు తీసుకున్నడు. మంగళవారం వచ్చి చెట్టు మొదలుకు ఎర్ర గీత గీసిండు. సోమవారం నరుకుడని చెప్పిండు. ఫేబీ గూడు సంగతి చెప్తే తల పైకెత్తి చూసి, "గది బొక్క అక్కా. పిట్ట ఏడున్నది?" అన్నడు.

బుధవారం పొద్దున ఫేబీ అటవీ శాఖ ఆఫీసుకు పోయింది. సంగీత మేడమ్ అని అక్కడ ఒకామె మంచిగనే విన్నది. గూట్లో పిట్ట ఉందని తెలిస్తే అవి ఎగిరిపోయేదాంక చెట్టును ఆపుతామన్నది. తన నెంబర్ సుత ఇచ్చింది. కాని ఫేబీ ఫోన్‌లో తీసిన ఫోటో చూసి తల అడ్డంగ ఊపింది. "నల్ల మచ్చ తప్ప ఏం కనబడుతలేదమ్మా. లోపల పిట్ట ఉన్నట్టు కనబడాలె."

ఆ రాత్రి ఆమె అన్నం ముట్టలే. డాబా మీద అటు ఇటు నడిచింది. కింద నా మంచం నెత్తిమీది స్లాబు ధనధనమని మోగింది.

గురువారం దుకాణం నుంచి గంట అనుమతి తీసుకొని, నన్ను తోడుకొని, పంజాగుట్టలో కెమెరాలమ్మే చోటికి పోయింది. సంకలో చుట్ట చుట్టిన అక్షరాల అట్ట.

అక్కడ రాకేశ్ అని ఒక సేల్స్ పిల్లగాడు మూడు లెన్సులు తీసి పెట్టిండు. మొదటిది తేలిక, దూరమున్నదాన్ని దగ్గరికి గుంజుతది, మూడొందల మిల్లీమీటర్ల దాంక. రెండోది ఆరొందల దాంక. సొరకాయంత పొడుగు, ఎత్తితే రెండు కిలోలు. మూడోది రెండొందల దగ్గరనే ఆగుతది, లావుగ ఉన్నది. నోరు పెద్దది కాబట్టి నీడలో సుత మస్తు వెలుగు లోపలికి తీస్కుంటదని చెప్పిండు.

"పిట్టలకైతే అందరు ఆరొందలే తీస్కపోతరు మేడమ్."

"అందరి చెట్టు మా సందులనే ఉన్నదా బిడ్డా?" అన్న నేను.

"గది నిజమే నానమ్మా. మీది ఎండల తీసుడా, నీడల తీసుడా?"

మంచి ప్రశ్న అడిగిండు. ఫేబీ వినలే. అప్పటికే దుకాణం చివరి గోడకు పోయి, క్యాలెండర్ పక్కన అట్ట అంటిస్తున్నది. రాకేశ్ నోరు తెరిచిండు. "మేడమ్, గిది కండ్ల దవాఖాన కాదు!"

"గాజు ఏడున్నా గాజే తమ్మీ."

ఒక్కొక్క లెన్సు తగిలించి అట్టను తీసి చూసింది. కొనేటందుకు వచ్చినోళ్లు అద్దాల అల్మారలు వదిలి ఆమెనే చూసిండ్రు. మూడొందలది కింది వరస దగ్గర మసకబారింది. లావుది పదును ఉన్నది గాని అక్షరాలు చిన్నగ వచ్చినయి. పొడుగుది కింది వరసను తెచ్చి ముందర పెట్టింది, దాని కింద ప్రింటింగ్ ప్రెస్ పేరు సుత. ఫేబీ మొఖం వెలిగింది. కొట్లాట గెలిచిన నాటి మొఖం అదే. సొరకాయను కొన్నది.

మా ఇంట్లో కొత్త వస్తువు వస్తే ప్రార్థన చేయకుండ వాడం. డబ్బా మీద చెయ్యి పెట్టి నేనే చేసిన, పొడుగుగనే చేసిన.

శుక్రవారం తెల్లవారుజామున ఇద్దరం డాబా మీద ఉన్నం. మొగ పిట్ట ఆరింటికి వచ్చింది. గొంతులోంచి ఒక్కొక్క పండు తీసి చీలికలో పెట్టుడు, ఎగురుడు. నిమిషం సుత పట్టలే. ఫేబీ టపటపమని తీసింది. చూస్తే అన్నీ మసక. బూడిద బూడిదగ పొగ తీసినట్టు ఉన్నది. ఎనిమిదింటికి ఎండ వచ్చింది, కాని ఆ చెట్టు గుబురులోకి ఎండ దిగదు. మళ్లీ మసకే. తొమ్మిదిన్నరకు ఆమె దుకాణానికి ఉరికింది.

శనివారం పొద్దున సుత అంతే. ఆమె కెమెరా దించి నా దిక్కు చూసింది.

"నా ప్రార్థనకు వంక పెట్టకు" అన్న నేను. "దేవుడు లెన్సు ఏరియ్యడు. నువ్వే ఏరినవ్."

"పెద్దమ్మా, అక్షరాలు ఎంత సాఫ్‌గ వచ్చినయో నువ్వు సుత చూసినవ్ కదా!"

"చూసిన. నీ అక్షరాలు గోడకు అంటుకొని ఉన్నయి, నెత్తిన నాలుగు ట్యూబ్‌లైట్లున్నయి. అవి పండు నోట్ల పెట్టి ఎగిరిపోయినయా?"

ఆమె నన్ను చూసింది. కెమెరాను చూసింది. పక్కనున్న నీళ్ల ట్యాంకు మీద చెయ్యి పెట్టి కండ్లు మూసుకున్నది.

"వెలుగు చాలుతలేదు" అన్నది మెల్లగ. "గా పిల్లగాడు నీడల తీస్తరా అని అడిగిండు. వాని మాట నేను చెవుల పెట్టలే. పదహారేండ్ల సంది కూచున్న మనుషులకే అద్దాలు పెట్టిన పెద్దమ్మా, కదలకుండ కూచోమని చెప్పి మరీ పెట్టిన."

తప్పు ఒప్పుకున్నోళ్లను నేను తిట్టను. చాయ్ పెట్టిచ్చిన.

కెమెరాల దుకాణం తీసే వేళకు పోయి రాకేశ్ ముందర నిలబడింది. వాడు గాజు మీద గీత ఉన్నదేమోనని లైటు వేసి వెతికిండు. ఫేబీ కంటే గాజును మంచిగ చూసుకునేటోళ్లు ఈ పట్నంలో లేరు, ఒక్క గీత దొరకలే. పొడుగుది తీసుకొని లావుది ఇచ్చిండు. "పిట్ట చిన్నగ వస్తది మేడమ్" అన్నడు.

"రానీ. కనబడితే చాలు. ఫోటో అంచులు కోసుకొని పెద్దగ చేస్కుంట."

ఇగ మిగిలింది ఆదివారం ఒక్కటే. ఆదివారం ఆరాధనను ఫేబీ ఎగ్గొట్టగ నేను ఎన్నడు చూడలే. పాటల పుస్తకాలు పంచేది ఆమెనే. ఆ రోజు తెల్ల చీర కట్టుకొనే డాబా ఎక్కింది, పని అయితే ఉరుకుదామని. ఆరింటికి పిట్ట వచ్చింది. ఏడున్నరకు మళ్లీ వచ్చింది. పదును కుదిరింది, కాని ప్రతిసారి మొగదాని తల చీలికకు అడ్డమున్నది. లోపలిది కనబడలే. ఎనిమిదయింది. నేను బైబిల్ సంచి పట్టుకొని మెట్ల దగ్గర నిలబడిన. "నువ్వు పో పెద్దమ్మా" అన్నది. నేను పోలే. నేను పోతే ఈమెకు నీళ్లెవరిస్తరు?

తొమ్మిదీ పావుకు మొగది ఒక పండు జార్చుకున్నది. దాన్ని చూడనీకి తల కిందికి వంచింది. అప్పుడు చీలికలోంచి లోపలి ముక్కు బయటికొచ్చి, ఏదీ ఇంకా అన్నట్టు తెరుచుకున్నది. ఫేబీ వేలు ఆగలే.

ఫోటో పెద్దది చేసి నాకు చూపించింది. ముక్కు మీది గీతలు సుత లెక్కపెట్టొచ్చు. సంగీత మేడమ్‌కు పంపింది. సోమవారం రంపాలతో వచ్చినోళ్లు ఆఫీసు కాగితం చూసి వెనుకకు పోయిండ్రు. పిట్టలు గూడు వదిలేదాంక చెట్టు ముట్టొద్దని అందులో ఉన్నదట. విజయేందర్ నా ఇంటి దిక్కు చూసిన చూపు చెప్పనీకి నా దగ్గర మంచి మాటలు లేవు.

అక్కడికి అయిపోయిందనుకున్నం. పదిహేను రోజులు గడిచినయి. నిన్న ఆడ పిట్ట వాకిలి పగలగొట్టుకొని బయటికొచ్చింది. బంగ్లా వాచ్‌మన్ చూసి విజయేందర్‌కు ఫోన్ కొట్టిండు. ఈ పొద్దున పదకొండింటికి రంపాలు, తాళ్లు, ట్రాలీ దిగినయి. గూడు ఖాళీ అయిందట, కాగితం గడువు తీరిందట. నేను డాబా మీదినుంచే ఫేబీకి ఫోన్ చేసిన. వెనుక నుంచి దుకాణం గోల, ఎవరో నెంబర్ చదువుతున్న గొంతు.

"ఖాళీ కాలే పెద్దమ్మా!" అన్నది. "పొద్దున్నే తీసిన నేను. తల్లి ఒక్కతే బయటికొచ్చింది, పిల్లలు లోపలనే ఉన్నయి. వాకిలి మళ్లీ అవే పూసుకున్నయి, ఫోటోల సాఫ్‌గ కనబడుతున్నది. మేడమ్‌కు పంపిన, ఇంకా చూడలే. నేనే ఆఫీసుకు పోయి ఆమెను తోడుకొని వస్త. పంజాగుట్ట చౌరస్తాల ఎంతసేపు పడతదో తెల్వది."

"వాళ్లు తాడు కడుతుండ్రే ఫేబీ. ఒకడు చెప్పులు విడుస్తుండు, చెట్టెక్కనీకి."

అటు దిక్కు దుకాణం గోల తగ్గింది, ఆమె బయటికొచ్చినట్టున్నది. తర్వాత ఆమె గొంతు, కండ్లజోడు బిగించేటప్పుడు ఎంత నెమ్మదిగ మాట్లాడతదో అంత నెమ్మదిగ వచ్చింది.

"పెద్దమ్మా, నీ ప్లాస్టిక్ కుర్చీ తీస్కపో. చెట్టు మొదట్లకు ఆనించి వేస్కొని కూచో. నేనొచ్చేదాంక ఎవరు లేపినా లేవకు."