పిడి మీద పేరు

ఆ చాకు బరువు నూట ఇరవై గ్రాములు. నా దుకాణంలోని చిన్న కాంటా మీద నేనే తూచాను. అది ఇంకా గుర్తుండటం నాకే సిగ్గుగా ఉంది. పన్నెండేళ్లు దాటింది, ఆ చాకును నేను మళ్లీ ముట్టుకోలేదు, ఇప్పుడు ఎక్కడుందో కూడా తెలియదు. అయినా దాని బరువు నా మీంచి దిగలేదు.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్లకు చెప్పాలని ఎన్నోసార్లు వెళ్లాను. నోరు తెరిచి, దగ్గి, మంచినీళ్లు అడిగి తాగి వచ్చేశాను.

నాకు కోరుట్లలో చిన్న దుకాణం ఉంది. టార్చిలైట్లు, లైటర్లు, తాళంచెవుల గొలుసులు, పటకారూ కత్తెరా స్క్రూడ్రైవరూ ఒక్కదాంట్లోనే మడిచి పెట్టిన పనిముట్లు, మడత చాకులు. గల్ఫ్ నుంచి సెలవుకు వచ్చినవాళ్లు పెట్టెల్లో తెచ్చుకున్నవి కొన్ని నాకు అమ్మిపోయేవారు. అమ్మకం కోసం మొదలుపెట్టాను గానీ, అది వ్యాపారం కాదు, పిచ్చి. కొత్త చాకు చేతికొస్తే ముందు చెవి దగ్గర పెట్టుకుని బొటనవేలితో తెరుస్తాను. బ్లేడు వెళ్లి, మళ్లీ మడతపడకుండా పట్టుకునే లాకులో పడేటప్పుడు ఒక్కటే చప్పుడు రావాలి. మూసినప్పుడు బ్లేడు పిడికి సరిగ్గా నడుమ ఉండాలి, ఏ వైపూ రాసుకోకూడదు. ముంజేతి మీద వెంట్రుకలు గీకి పదును చూస్తాను. అందుకే నా ఎడమ ముంజేయి ఎప్పుడూ నున్నగా ఉండేది. దాన్ని చూసి మా బావ పడీ పడీ నవ్వేవాడు.

బావ అంటే మా అక్క భర్త రాజేశం. దుబాయ్‌లో కట్టడాల దగ్గర ఇనుము వంచి కట్టే పని. తెలంగాణ ఉద్యమం బాగా వేడి మీదున్న రోజుల్లో రెండు నెలల సెలవు మీద వచ్చాడు. నా పిచ్చి తెలుసు కనుక ఒకేలాంటి చాకులు రెండు తెచ్చాడు. స్టీలు పిడి, మూడంగుళాల బ్లేడు, జేబుకు తగిలించుకునే క్లిప్పు. ఒకటి దుకాణంలో పెట్టి అమ్ముకోమన్నాడు. రెండోది నాకు కానుక. కానుక అన్నాక మా దిక్కు ఒక పద్ధతి ఉంది. పెళ్లికి బిందె ఇచ్చినా, కొత్త ఇంట్లోకి దిగేటప్పుడు గిన్నె ఇచ్చినా, దాని మీద ఇచ్చినవాళ్ల పేరు కొట్టిస్తారు. తీసుకున్నవాళ్ల పేరు కాదు. బావ నా చాకును గిన్నెల దుకాణానికి తీసుకెళ్లి, పిడి మీద ‘రాజేశం, కోరుట్ల’ అని వంకర అక్షరాలతో కొట్టించి తెచ్చాడు. అద్దంలాంటి పిడి పాడైపోయిందని నాకు ఒళ్లు మండింది. మొహం మీదే అనేశాను. బావ నవ్వి, “నేను యాడున్నా నీ జేబులనే ఉంట తియ్ బామ్మర్దీ” అన్నాడు.

ఆ నెలలోనే ఒకరోజు బంద్. జగిత్యాల రోడ్డు మీద వంటావార్పు పెట్టారు. రోడ్డు నడుమ పొయ్యిలు, గుండిగలు, పక్కన కాలుతున్న టైర్లు. పొగకు కళ్లు మండి అందరం మూతికి రుమాళ్లు కట్టుకున్నాం. బావ దూరంగా అన్నం గుండిగ దగ్గరున్నాడు. నేను ఇవతల ఉల్లిగడ్డలు కోస్తున్నాను, ఆ కొత్త చాకుతో. అక్కడ పెద్ద కత్తులు, కత్తిపీటలు చాలానే ఉన్నాయి. వాటితో కోయొచ్చు. కానీ ప్రతి గడ్డకీ చాకు మూసి, మళ్లీ ఒంటిచేత్తో టక్కున తెరిచి, చుట్టూ ఎవరెవరు చూస్తున్నారో చూసుకుంటున్నాను. నిజం చెప్పాలంటే ఆ రోజు నేను రోడ్డు మీదికి వెళ్లింది తెలంగాణ కోసమా, చాకు కోసమా? రెండింటి కోసమూ అని చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకున్నాను.

గుడ్డల మూటలు వేసుకుని ఒక వ్యాను వచ్చింది. నడిపేవాడు సిరిసిల్ల మనిషి. బంద్ సంగతి తెలిసీ ఎందుకొచ్చాడో తెలియదు. ఎవరో రాయి విసిరారు. ముందు అద్దం పగిలి ఆయన నుదుటి మీద నుంచి నెత్తురు కారింది. ఇంకో ఇద్దరు కర్రలతో లైట్లు పగలగొట్టారు. ఆయన తలుపు తన్ని కిందికి దూకాడు.

“నేను తెలంగాణోన్ని గాదార? నా బండి పలగ్గొడ్తర?” అని అరుస్తూ అందరికంటే దగ్గరున్న నా మీదికి వచ్చాడు. నా చేతిలో తెరిచిన చాకు చూశాడు. “ఉల్లిగడ్డలు కోసే చాకు వట్టుకొని మొగోనివైనవా?” అని చెంప మీద కొట్టాడు. చెవి గుయ్యిమంది. రుమాలు మాత్రం జారలేదు. అది జారి ఉంటే మా బావ జీవితం ఇంకోలా ఉండేది.

పక్కనున్నవాళ్లు నవ్వారు. నన్ను చూసి నవ్వారో, ఊరికే నవ్వారో తెలియదు. నేను చెయ్యి ముందుకు తోశాను. ఆయన కుడిచేత్తో బ్లేడునే పట్టుకున్నాడు. నేను లాగాను. ఆయన వేళ్ల నడుమ నుంచి బ్లేడు రావడం పిడి దాకా తెలిసింది. అక్కడితో ఆగొచ్చు. ఆయన చెయ్యి పొట్టకు అదుముకుని వంగాడు కూడా, అంటే పోట్లాట అయిపోయినట్టే. కానీ నేను ఆగలేదు. తొడలో పొడిచాను. పిడి వరకూ దిగింది.

ఇప్పుడు రాసేది ఇంతవరకూ నా నోటితో ఎవరికీ చెప్పనిది. ఆ క్షణంలో నా మనసులోకి వచ్చిన మొదటి మాట భయం కాదు, అయ్యో అని కాదు. లాకు కదల్లేదు, మంచి సరుకు, అనుకున్నాను. ఒక మనిషి నా ముందు రోడ్డు మీద పడి తొడ పట్టుకుని అమ్మా అని అరుస్తుంటే, నేను చాకు నాణ్యం చూసుకున్నాను. మనిషిని పొడవడం కోపంలో ఎవరైనా చేస్తారేమో. ఇది కోపం కాదు. దీనికి ఏం పేరు పెట్టాలి?

జనం చెదిరిపోయారు. సాంబారు గుండిగ బోర్లాపడింది. పోలీసు జీపు వస్తోందని అరిచారు. చెయ్యి జారుడుగా ఉంది, చాకు ఉల్లిపొట్టులో పడిపోయింది. వెతకలేదు, పరుగెత్తాను. బోరింగు దగ్గర చేతులు కడుక్కుని దుకాణానికి వెళ్లి, అద్దాల బీరువాలో ఉన్న రెండో చాకు తీసి జేబుకు తగిలించుకున్నాను. పేరు లేని చాకు. ఎందుకు తీశాను? అబద్ధం అప్పటికే నాలో తయారై కూర్చుందా? లేక ఖాళీ జేబు అలవాటు లేక తీశానా? ఇప్పటికీ తేలలేదు.

మర్నాడు పొద్దున అన్నం తింటుంటే బావను తీసుకెళ్లారు. పోలీసులకు దొరికిన చాకు మీద పేరూ ఊరూ రెండూ ఉన్నాయి కదా. ఏ స్టేషనో రాయను. మధ్యాహ్నం నాకూ కబురొచ్చింది. బయట బెంచీ మీద గంటసేపు కూర్చోబెట్టారు. లోపల లాఠీ చప్పుడు, బావ అరుపు. లాఠీ అరికాళ్ల మీద పడితే చప్పుడు వేరుగా ఉంటుందని ఆ రోజే తెలిసింది. నా జేబులో రెండో చాకు క్లిప్పును వేలితో మీటుతూ కూర్చున్నాను.

లోపలికి పిలిచారు. ఎస్సై వేరే దిక్కు నుంచి కొత్తగా వచ్చినవాడు. బల్ల మీద ప్లాస్టిక్ కవరులో చాకు ఉంది. బావ గోడకు ఆనుకుని కింద కూర్చున్నాడు, పాదాలు నేలకు ఆనించలేకపోతున్నాడు.

“చెప్పు బామ్మర్దీ, నీకిచ్చిన అని చెప్పు,” అన్నాడు బావ. తర్వాత ఎస్సై వైపు తిరిగి, “మా దిక్కు ఇచ్చినోని పేరే కొట్టిపిస్తరు సార్. బిందెల మీద గిన్నెల మీద సూడుండ్రి, గట్లనే ఉంటది.”

ఎస్సై నన్నడిగాడు. “ఇది నీకు ఇచ్చాడా?”

నేను జేబులోంచి రెండోది తీసి బల్ల మీద పెట్టాను. “బావ నాకిచ్చింది ఇది సార్.”

“మరి ఇచ్చినవాడి పేరు కొట్టిస్తారంటున్నాడు?”

“గిన్నెల మీద కొట్టిస్తరు సార్,” అన్నాను. “చాకు మీద ఎవలు కొట్టిస్తరు?”

అంతే. గట్టిగా కూడా అనలేదు. పక్కనున్న కానిస్టేబుల్ నవ్వాడు. బావ నా మొహం చూసి, కాళ్లు దగ్గరికి ముడుచుకున్నాడు. ఆ తర్వాత నా పేరు మళ్లీ ఎత్తలేదు, స్టేషన్లోనూ, కోర్టులోనూ. పెళ్లాం తమ్ముణ్ణి ఎందుకు పట్టివ్వాలనుకున్నాడా? చెప్పినా ఎవరూ నమ్మరని తెలిసిపోయిందా? వ్యాను మనిషికి రుమాలు కట్టిన మొహమే గుర్తుంది. ఆ రోజు రోడ్డు మీద ఉన్నవాళ్లెవరూ, తామూ కేసులో ఇరుక్కుంటామని, సాక్ష్యానికి రాలేదు. గిన్నెల దుకాణంవాడు పేరు కొట్టింది నిజమే అన్నాడు. కొట్టించింది రాజేశమే అన్నాడు. అదీ నిజమే.

బావ జైల్లో ఉండగానే సెలవు అయిపోయింది. దుబాయ్ పని పోయింది, పాస్‌పోర్టు కోర్టులో ఉండిపోయింది. తెలంగాణ వచ్చిన రోజు నేను దుకాణం ముందు అందరికీ స్వీట్లు పంచి, గులాల్ చల్లి, గొంతు పోయేదాకా అరిచాను. ఉద్యమం కేసులు ఎత్తేస్తారట తమ్మీ అని అక్క ఆశగా వచ్చింది. మనిషిని పొడిచిన కేసు ఉద్యమం కేసు కిందికి రాదని వకీలు చెప్పి పంపాడు. శిక్ష పడింది. అనుభవించి వచ్చాడు. కోరుట్లలో ఎవరూ పని ఇవ్వక, అక్కనూ పిల్లలనూ తీసుకుని సిరిసిల్లలో మగ్గాల కార్ఖానాలో పనికి కుదిరాడు. అది ఆ వ్యాను మనిషి ఊరే అని అప్పుడు మా ముగ్గురిలో ఎవరమూ అనుకోలేదో, అనుకునీ వేరే దారి లేక ఊరుకున్నామో.

ఒకసారి చూడటానికి వెళ్లాను. బావా నేనూ చాయ్ హోటలు దగ్గర నిలబడ్డాం. కొద్ది దూరంలో ఒకాయన ఎడమచేత్తో గ్లాసు పట్టుకుని తాగుతున్నాడు. కుడిచేతి రెండు వేళ్లు వంగడం లేదు. నేను గుర్తుపట్టేలోపే ఆయన బావను గుర్తుపట్టాడు. కోర్టులో అన్ని వాయిదాల్లో ఆ మొహమే చూశాడు మరి. కుంటుకుంటూ వచ్చి, కాలి చెప్పు తీసి బావను కొట్టాడు. మొహం మీద, మెడ మీద, మళ్లీ మొహం మీద. పెదవి చిట్లింది. బావ చేతులు కిందికి వేలాడేసి నిలబడ్డాడు, అడ్డం కూడా పెట్టుకోలేదు. అందరూ చూస్తున్నారు. నేను వెళ్లి ఆయన చెయ్యి పట్టుకుని “పోనీ అన్నా, ఇడిసెయ్” అన్నాను. నేనే అన్నాను ఆ మాట.

ఆయన రొప్పుతూ నన్ను ఎగాదిగా చూశాడు. “నువ్వు మంచోని లెక్క కనవడ్తున్నవు తమ్మీ. గిసొంటోనితోని తిరుగకు,” అన్నాడు.

బావ నా వైపు చూడలేదు. పెదవి తుడుచుకుని, “చాయ్ సల్లారుతది, తాగు” అన్నాడు.

ఆయన బావను కొట్టినప్పటి కంటే ఆ చాయ్ తాగినప్పుడు నాకు ఎక్కువ నొప్పి కలిగింది. చెప్పేయాలని గ్లాసు కింద పెట్టి, మళ్లీ ఎత్తుకున్నాను. చాయ్ అయిపోయింది. బస్సెక్కాను.

ఇప్పుడు దుకాణం పెద్దదైంది. ఫోన్లో వీడియోలు చూసి పిల్లగాళ్లు వస్తారు. రోజూ వెంట ఉంచుకునే సామానును ఈడీసీ అంటారు. ఏ స్టీలు, ఏ లాకు, బేరింగు ఉందా అని నాకంటే నయంగా అడుగుతారు. నేను కొత్త పెట్టె విప్పి అన్నీ చూపిస్తాను. చెవి దగ్గర పెట్టుకుని తెరవడం మాత్రం మానేశాను. పేర్లు కొట్టే మిషను కూడా నేనే కొన్నాను, గిరాకీ ఉంది కనుక. అందరూ తమ పేర్లే కొట్టించుకుంటారు, తమ చాకుల మీద.

పోయిన వారం ఒకాయన వచ్చాడు. నల్ల పిడి చాకు ఒకటి ఏరుకుని, బామ్మర్దికి కానుక, పేరు కొట్టియ్యమన్నాడు. ఎవరి పేరని అడిగాను. నన్ను వింతగా చూశాడు.

“నా పేరే అన్నా. ఇచ్చేటోనిదే గద కొట్టేది.”

మిషను చేతిలో గిర్రుమంటోంది. మొదటి అక్షరం గీయలేకపోయాను. కరెంటు సరిగా లేదని అబద్ధం చెప్పి, గిన్నెల దుకాణానికి పంపి, షట్టరు దించి ఇది రాయడం మొదలుపెట్టాను.

దీనివల్ల బావకు దుబాయ్ తిరిగి రాదు. సిరిసిల్లాయన వేళ్లు వంగవు. అక్క ఈ కాగితం చదివితే నా గడప తొక్కదు, తొక్కకూడదు కూడా. క్షమించమని ఎవరినీ అడగను. ఆ రోజు ఆ బల్ల ముందు అనాల్సిన మాట ఒకటి నాలో మిగిలిపోయింది. దాన్ని మా మాటలోనే, అప్పుడు అనాల్సినట్టుగానే రాస్తున్నాను.

గా చాకు నాది సార్. పొడిసింది నేను. మా దిక్కు ఇచ్చినోని పేరే కొట్టిపిస్తరు.