పైకి పడిన ఉడుత

1986 జూన్‌లో నన్ను రాజోలు దగ్గరి ఒక బాలికల ఉన్నత పాఠశాలకు లెక్కల టీచరుగా బదిలీ చేశారు. ఆ వేసవిలో విశాఖపట్నంలో మూడు వారాలు కంప్యూటర్ శిక్షణ పొంది ఉండటం వల్ల, ఆ పాఠశాలకు వచ్చిన ఒకే ఒక్క కంప్యూటరు కూడా నా బాధ్యతలోకి వచ్చింది. నేను చేరేసరికి దాని మీద పువ్వుల గుడ్డ కప్పి, గదికి తాళం వేసి ఉంచారు. పిల్లలు ముట్టుకుంటే పాడవుతుందని అందరికీ భయం.

ముందు ఆ భయం పోగొట్టాలని ఒక ఆట రాయడానికి పూనుకున్నాను. ఒక ఉడుత కొబ్బరి మట్ట మీద నుంచి మట్ట మీదకు దూకుతూ, పిందెలు ఏరుకుంటూ చెట్టు తలకు చేరాలి. బొమ్మ గీసిన వారు మా డ్రాయింగు మాస్టారు సత్యానందం గారు. ఆ యంత్రంలో ఒక బొమ్మకు నిలువున ఎనిమిది, అడ్డంగా ఎనిమిది గళ్ళే ఉంటాయి. ఏ గడి వెలగాలో అంకెల్లో చెప్పాలి.

"ఎనిమిది గళ్ళలో ఉడతని ఇరికించేస్తే తోకెక్కడ పెడతామండీ? తోకకి ఇంకో ఎనిమిది ఇప్పించండి," అని బేరం పెట్టారాయన. పడితే చచ్చిపోయే ఆటైతే గియ్యనని కూడా తేల్చేశారు. అందువల్ల మా ఉడుత కింద పడితే తోక దులుపుకుని మళ్ళీ మొదటి మట్ట దగ్గర నిలబడేది. దాని ముద్దు మొహం చూసి పిల్లలు గది వదిలేవారు కాదు.

దసరా సెలవుల తరువాత జిల్లా కార్యాలయం నుంచి మెమో వచ్చింది. వాడకంలో లేని కంప్యూటర్లను పట్నం పాఠశాలలకు తరలిస్తారట. అది తేల్చడానికి ఒక అధికారి తనిఖీకి వస్తారట. మా పిల్లల చేతికి అందింది లాక్కుపోతారా అని నాకు ఒళ్ళు మండింది. ఈ యంత్రం గడప దాటడానికి వీల్లేదనుకున్నాను.

కరెంటు తీసేస్తే ఆ యంత్రంలో ఏదీ నిలవదు. అందుకే అప్పట్లో ప్రోగ్రామును పాటల క్యాసెట్ లాంటి దాని మీదే ఎక్కించి, టేప్ రికార్డరుతో మళ్ళీ యంత్రంలోకి తెచ్చుకునేవాళ్ళం. రెండు ప్రతులు ఉంచుకోమని శిక్షణలో పదేపదే చెప్పారు. నేను ఒక్కటే ఉంచాను. ముసురుకు బూజు పట్టకుండా దాన్ని ఇంటికి తీసుకువెళ్ళి, అగ్గిపెట్టెలు దాచుకునే బియ్యం డబ్బాలోనే దాచాను. తనిఖీ రోజు ఉదయం ఎనిమిది గంటలకు పెడితే యంత్రం దాన్ని చదవనంది. తీసి చూస్తే టేపు పొడవునా తవుడు.

"టేపుకి కూడా భోజనం పెట్టేరాండీ!" అన్నారు సత్యానందం గారు. నాకు సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు.

అయితే ప్రోగ్రాము మొత్తం పెన్సిలుతో రాసుకున్న నోటుపుస్తకం ఒకటి ఉంది. తొమ్మిదో తరగతి పిల్లలను కూర్చోబెట్టాను. ఒకరు ఎక్కాలు అప్పజెప్పినట్టు లైను చదవాలి, ఒకరు టైపు కొట్టాలి, మూడో అమ్మాయి తెర మీద సరిచూడాలి. పది దాటేసరికి నూట ఎనభై లైన్లూ ఎక్కాయి. ఇద్దరు పిల్లలు ఆడి చూశారు. వాళ్ళు ఆరితేరినవాళ్ళు కాబట్టి ఉడుత ఒక్కసారి కూడా పడకుండా పైకి చేరింది.

అధికారి వచ్చారు. కాసేపు చూసి, తానూ కుర్చీలో కూర్చుని కీలు నొక్కారు. మొదటి దూకుడికే మట్ట తప్పింది. ఉడుత కింద పడవలసింది పోయి, నిటారుగా పైకి లేచి తెర దాటి మాయమైంది.

జరిగింది నాకు అర్థమైంది. ఉడుత పడే లైనులోని తప్పును అంతకుముందు ఒక సాయంత్రం యంత్రం మీదే దిద్ది, టేపు మీద ఎక్కించాను. నోటుపుస్తకంలో దిద్దలేదు.

"ఇదాండీ మీ వాడకం?" అంటూ ఆయన ఫైలు మూయబోయారు. పది నిమిషాలు ఇప్పించమని అడిగాను. మలికిపురం వెళ్ళాలన్నారు. తప్పు వెతికేది నేను కాదు, పిల్లలని చెప్పి గోడకు ఆనుకుని నిలబడ్డాను. ఆయన ఫైలు మూయకుండా ఆగారు.

పిల్లలు లైన్లు తెర మీదకు రప్పించుకుని చదవడం మొదలుపెట్టారు. కొంతసేపటికి వసంత అనే అమ్మాయి లేచింది.

"ఇది వరసలు పైనుంచి లెక్కెడతదండీ. కిందికి రావాలంటే కలపాలండి, మనం తీసేసేమండి."

"నీకెవరు చెప్పేరమ్మా?" అన్నారు అధికారి.

"ఎవరూ చెప్పలేదండి. పైకి పడింది కదండీ, పడే లైనే చూసేనండి."

ఆ ఒక్క తీసివేత గుర్తును కూడికగా మార్చింది. అధికారి మళ్ళీ ఆడారు, మళ్ళీ తప్పారు. ఉడుత ఈసారి బుద్ధిగా కింద పడి, తోక దులుపుకుంది. ఆయన రిజిస్టరులో "వాడకంలో ఉన్నది" అని రాసి సంతకం చేశారు. మలికిపురం సంగతి అప్పటికి మరిచినట్టున్నారు, మరో మూడుసార్లు ఆడారు.

ఆ తరువాత రెండు ప్రతులూ పాఠశాల బీరువాలోనే ఉంచాను. దిద్దిన ప్రతి లైనునూ ఇంటికి వెళ్ళేలోపు పుస్తకంలో ఎక్కించాను. నేను రిటైరయ్యేదాకా ఎన్నో తనిఖీలు జరిగాయి. ఏ అధికారికీ మొదటే సరిగ్గా నడిచే ఆటను చూపించలేదు. అధికారి గదిలోకి వచ్చే ముందు ఒక లైను నేనే చెడగొట్టి, పిల్లలను కుర్చీలో కూర్చోబెట్టి, గోడ దగ్గరకు వెళ్ళి నిలబడేదాన్ని.