చోటుండీ దారి లేని పెంకు

ఆమెకు తల్లిదండ్రులు పెట్టిన పేరు ఒకటుంది గాని, అది మెడలో వేలాడే గుర్తింపు కార్డు మీద తప్ప మరెక్కడా వాడుకలో లేదు. మ్యూజియంలో అందరికీ ఆమె అతుకులమ్మ. తవ్వకాల్లో బయటపడిన మట్టిపాత్రల పెంకులను కడిగి, ఆరబెట్టి, ఒకదానికొకటి జతచేసి, మళ్ళీ పాత్రగా నిలబెట్టడం ఆమె వృత్తి.

అతుకు అనే మాటకు మనం అన్యాయం చేశామేమో. అతుకుల బొంత, అతుకుల సంసారం అంటూ ఎక్కడ చూసినా దాన్ని లేమికే అంటగట్టాం. నిజానికి ఆ ధాతువులో విడిపోయినవి కలుసుకోవడమే ఉంది తప్ప కొరత ఎక్కడా లేదు. ఆమె మాత్రం ఆ పేరును బిరుదులాగే మోసేది. ఎవరైనా కొత్తవారు అసలు పేరుతో పిలిస్తే, ఎవరినో అనుకుని వెనక్కి తిరిగి చూసేది.

ఆమె పనిచేసే గది భవనానికి వెనకవైపు ఉంది. గోడ పొడుగునా చెక్క అరలు, అరల నిండా పెంకుల పెట్టెలు, నడుమ ఒక పెద్ద బల్ల, బల్ల మీద ఇసుక నింపిన పళ్ళేలు. అతికిన ముక్కను ఇసుకలో గుచ్చి నిలబెడితే జిగురు ఆరేదాకా కదలకుండా ఉంటుంది. గదిలో ఎప్పుడూ గోళ్ళరంగు తుడిచే మందు వాసన. పాత జిగురును కరిగించడానికి వాడే ద్రవం అదే. ఎత్తుగా ఉన్న ఒకే ఒక్క కిటికీలోంచి మధ్యాహ్నపు ఎండ దిగి, అరల మీదుగా నింపాదిగా నడుచుకుంటూ, సాయంత్రానికి బల్లను చేరేది. ఆ వెలుగులో ధూళి తేలుతూ ఉంటే, గది మొత్తం ఏదో చెరువు అడుగున ఉన్నట్టు అనిపించేది.

అతుకులమ్మ పని మొదలుపెట్టే తీరు చూడముచ్చటగా ఉండేది. ముందు ఒక పెంకును చేతిలోకి తీసుకుని, దాని వంపును బొటనవేలితో తడిమి, కళ్ళు మూసుకునేది. అంతే. ఆ పెంకు చుట్టూ, లేని పాత్ర, నీళ్ళలోంచి పైకి తేలినట్టు మెల్లగా లేచి నిలబడేది. దాని పొట్ట ఎంత, మెడ ఎంత, ఏ పక్కకు ఒరిగి ఉంటుందో అన్నీ కనిపించేవి. దాన్ని మనసులోనే అటూ ఇటూ తిప్పి, లోపలికి తొంగి చూసి, అప్పుడు కళ్ళు తెరిచేది.

అదే మనసు పుస్తకం ముందు మరోలా ప్రవర్తించేది. వరసలో నిలబడవలసిన అక్షరాలు, బడి విడిచిన గంట విన్న పిల్లల్లాగా, ఎటు పడితే అటు పరుగెత్తేవి. చిన్నతనంలో ఆమె చివరి బెంచీలో కూర్చుంది. మొద్దు అనిపించుకుంది. మ్యూజియంలో పెంకులు కడిగే పనికి కుదిరాక, అంతకుముందు ఆ బల్ల దగ్గర పనిచేసిన పెద్దాయన ఆమె ఇబ్బందిని కనిపెట్టాడు. కోప్పడలేదు, జాలీ పడలేదు. "నీకు ఊరంతా ఒక్కసారే కనిపిస్తోందమ్మాయ్. చదవడానికి ఒక్క వీధి చాలు" అని, ఒక అట్టముక్కలో సన్నగా పొడుగాటి కంత కోసి ఇచ్చాడు. దాన్ని పేజీ మీద పెడితే ఒక్క వరసే కనబడుతుంది. మిగిలిన ఊరంతా అట్ట వెనక దాక్కుంటుంది. దానికి ఆమె కిటికీ అని పేరు పెట్టుకుంది. ఆ కిటికీలోంచే నెమ్మదిగా, వేలు ఆనించుకుంటూ, ఈనాటికీ చదువుతుంది.

మన భాషలో చదువు అన్న మాట నామవాచకమూ అవుతుంది, క్రియా అవుతుంది. అందువల్లనే కాబోలు, చదవడం రానివారికి చదువే రాదని తేల్చేయడం మనకు అంత సులువైంది.

ఇక ఆమె కూతురు. దేవుడికి హాస్యప్రియత్వం ఉందనడానికి అదొక నిదర్శనం. కూతురు బస్‌స్టేషన్‌లో ప్రకటనలు చదివే ఉద్యోగి. ఏ బండి ఎక్కడ నిలుస్తుందో, ఏది ఆలస్యమో, తొణకని గొంతుతో పొద్దస్తమానం చదివి వినిపిస్తుంది. ఆ కూతురికి ఒక్కతే పిల్ల, మూడో తరగతి. ఇంట్లో దాన్ని గువ్వ అంటారు. బడి విడవగానే గువ్వ అమ్మమ్మ గదికి వచ్చి, తల్లి డ్యూటీ దిగి వచ్చేదాకా పెంకుల మధ్య కూర్చునేది. కూర్చుని ఊరుకునేది కాదు. "అమ్మమ్మా, ఇది మన బానది కాదు. దీని వంపు కిందికి తిరుగుతోంది, మన బానది పక్కకి తిరుగుతుంది" అంటూ, పెట్టెల్లో దారితప్పి చేరిన పెంకులను ఏరి పక్కన పెట్టేది. అతుకులమ్మ ఆ పెంకును తడిమి చూసి తల ఊపేది. ఒకే కలను ఇద్దరు కన్నట్టు ఉండేది అప్పుడామెకు.

ఆ ఏడాది గువ్వను బడివాళ్ళు ఒక నిపుణురాలి దగ్గరికి పంపారు. ఆవిడ పిల్లతో ఆటలాడి, బొమ్మలు గీయించి, చదివించి, ఇది డిస్లెక్సియా అంది. రోగం కాదు, మనసు నడిచే తీరే వేరు, ముందు విననివ్వండి, తాకనివ్వండి, ఆ తర్వాత తొందరపెట్టకుండా చదివించండి అని కూడా అంది. కూతురి చెవిన పడింది మాత్రం మొదటి మాట ఒక్కటే.

గురువారం సాయంత్రం వంటింటి గడప మీద కూర్చుని కూతురు తన నిర్ణయం బయటపెట్టింది.

"అమ్మా, సోమవారం నుంచి గువ్వ నీ దగ్గరికి రాదు. బడి అవగానే ట్యూషన్."

"రోజూనా?"

"రోజూనే. అక్కడ నువ్వు దాన్ని మట్టిలో కూర్చోబెట్టి ముద్దు చేస్తున్నావు. నీ గదిలో దానికి అన్నీ వచ్చినట్టే ఉంటుంది. బళ్ళోకెళ్తే ఒక్క ముక్కా రాదు."

"వచ్చినట్టు ఉండటం కాదే. వస్తోంది."

"ఏంటి, పెంకులు అతకడమా?" కూతురు గొంతు పెరిగింది. "నా చిన్నప్పుడు బస్సు బోర్డు నేనే చదవాలి. మందు సీసా మీద నేనే చదవాలి. ఆఖరికి మా టీచరు నా మీద రాసి పంపిన ఫిర్యాదు కూడా నేనే నీకు చదివి వినిపించాలి!"

"నువ్వు చదివితే అది ఫిర్యాదులా ఉండేది కాదులే. మెచ్చుకోలులా ఉండేది."

కూతురికి నవ్వు ఆగలేదు. నవ్వుతూనే కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. "నవ్వించకమ్మా. నాకు భయంగా ఉంది. నీకు నేనున్నాను. రేపు దానికెవరున్నారు?"

అతుకులమ్మ పొయ్యి మీద పాలు పొంగితే దించడానికి లేచింది.

మర్నాడు బల్ల మీద పెద్ద బాన సిద్ధమవుతోంది. సోమవారం దాన్ని ముందు హాల్లో నిలబెట్టాలి. అడుగు నుంచి మెడ దాకా దాదాపు పూర్తయింది. పొట్ట దగ్గర ఒక్క పెంకు మిగిలింది. గువ్వ వచ్చి ఎప్పటిలా సంచీ మూలన పడేయకుండా, ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"అమ్మమ్మా, నేను పగిలిపోయి పుట్టానా?"

పగులు అన్నది అకర్మక క్రియ. దానికి కర్త ఉంటాడు గాని చేసినవాడు కనబడడు. కుండ పగిలింది అంటే చాలు, ఎవరి చెయ్యి జారిందో చెప్పనక్కర్లేదు. ఆ సౌకర్యం వెనకే లోకంలో ఎన్నో చేతులు దాక్కుంటాయి.

"ఎవరన్నారే ఆ మాట?"

"అమ్మ ఫోన్లో పిన్నితో చెప్పింది. నాకేదో లోపం ఉందంట." సంచీ పట్టీని వేలికి చుట్టుకుంటూ అడిగింది. "అమ్మమ్మా, చెవి విరిగినా కుండ కుండే కదా. అక్షరానికి చిన్న తోక పోతే వేరే అక్షరం ఎందుకైపోతుంది?"

"అది వాటి పెంకితనం తల్లీ. నాతోనూ అంతే చేస్తాయి."

"నీతో కూడానా?"

"అడుగు మీ అమ్మని. కథలు కథలుగా చెబుతుంది."

గువ్వ కొంచెం నవ్వింది గాని సంచీ మాత్రం వదలలేదు. అతుకులమ్మ మిగిలిన పెంకును తీసుకుని బాన దగ్గరికి వంగింది. చోటు దగ్గర పెట్టింది. పట్టలేదు. కాస్త వాలుగా తిప్పింది. పట్టలేదు. అప్పుడు చెయ్యి ఆగిపోయింది.

ఈ వృత్తిలో ఉన్నవాళ్ళు మాత్రమే చేయగలిగిన పొరపాటు ఇది. ఏ పెంకు తర్వాత ఏ పెంకు అతకాలన్నదానికి ఒక వరస ఉంటుంది. ఆ వరస తప్పితే, ఇరుగుపొరుగు పెంకులు ముందే బిగుసుకుపోయి, ఆఖరి పెంకుకు చోటు మిగులుతుంది, ఆ చోటులోకి దారి మిగలదు. అందుకే జిగురు పెట్టకముందే కాగితపు టేపుతో ఒకసారి కూర్చి చూసుకోవాలి. పొద్దున బల్ల ముందు కూర్చున్నప్పుడు చేతులు బాన మీద ఉన్నాయి గాని, మనసు వంటింటి గడప మీద ఉంది. ఆ చూసుకోవడం జరగలేదు.

గువ్వ సంచీ దించి దగ్గరికొచ్చింది. పెంకును ముట్టుకోలేదు. గాలిలో చూస్తూ తల అటూ ఇటూ వంచింది.

"వెళ్ళదమ్మమ్మా. లోపల వెడల్పు, బయట ఇరుకు. పక్కవాళ్ళు ముందే వచ్చి కూర్చున్నారు."

అప్పుడే తలుపుల బాబాయి, అంటే గదులకు తాళాలు వేసే ఆయన, తాళాల గుత్తి ఊపుకుంటూ లోపలికొచ్చాడు. వెనకాలే డ్యూటీ దిగిన కూతురు. బాబాయి సంగతి విని తేలిగ్గా తీసిపారేశాడు.

"ఇంతోటి దానికా అక్కా! ఆ ముక్క అంచులు కాస్త అరగదీస్తే టపీమని దూరిపోదూ? హాల్లో దూరం నుంచి ఎవడికి కనబడుతుంది?"

"నీ తాళంచెవి పట్టకపోతే దాన్ని అరగదీస్తావా, ఇంకో చెవి వెతుకుతావా?"

"నేనైతే తలుపు తంతాను" అన్నాడు బాబాయి. గువ్వ పకపకా నవ్వింది.

"పెంకు ఏ తప్పూ చేయలేదయ్యా" అంది అతుకులమ్మ, దూది ముక్కలు తీస్తూ. "దాని అంచు దానికి సరిగ్గానే ఉంది. తప్పు నా వరసది. అరగదీస్తే లోపలికి పోతుంది, నిజమే. కానీ ఎవరితోనూ కలవదు. వదులుగా, ఊరికే అలా ఉంటుంది."

కూతురు తలుపు దగ్గరే నిలబడింది.

"మరి అంతా విప్పాలా?" అని బాబాయి నోరు తెరిచాడు. "సోమవారానికి ఎట్లా?"

గువ్వ బాన చుట్టూ ఒకసారి తిరిగి వచ్చింది. "అంతా వద్దు. ఈ ఇద్దరు లేస్తే చాలు" అని రెండు పెంకులను చూపించింది.

అతుకులమ్మ కళ్ళు మూసుకుంది. చీకట్లో బాన మెల్లగా తిరిగింది. ఆ రెండు పెంకులూ రెక్కల్లా తెరుచుకున్నాయి, మూడోది వాలి కూర్చుంది. కళ్ళు తెరిచి, ద్రవంలో తడిపిన దూదిని ఆ రెండింటి అతుకుల వెంబడే వరసగా అద్దింది. పైన పల్చటి ప్లాస్టిక్ కాగితం కప్పింది.

ఇక ఎదురుచూడటమే. ఈ పనిలో సగం కాలం ఎదురుచూడటానికే పోతుంది. తొందరపడితే అంచు పెచ్చులూడుతుంది. బాబాయి తాళాలు మరిచిపోయి స్టూలు లాక్కున్నాడు. కూతురు బల్ల అవతల కూర్చుంది. ఎండ అరల నుంచి దిగి ఇసుక పళ్ళేలను దాటి బాన పొట్ట మీదికి పాకింది. ఖాళీలోంచి లోపలికి వెళ్ళి, లోగోడ మీద ఆ పెంకు ఆకారంలోనే, బంగారు మరకలా నిలబడింది. లేని పెంకు అక్కడ వెలుగుతున్నట్టుంది.

"అమ్మా, చూడు" అంది గువ్వ గుసగుసగా. కూతురు చూసింది. చాలాసేపు చూసింది.

జిగురు మెత్తబడింది. అతుకులమ్మ రెండు పెంకులనూ నెమ్మదిగా ఎడంచేసి, మిగిలినదాన్ని గువ్వ చేతికిచ్చింది. గువ్వ దాన్ని వాల్చి, తిప్పి, వదిలింది. నాలుకతో చప్పరించినంత చిన్న చప్పుడు. తర్వాత ఆ ఇద్దరు పక్కవాళ్ళూ వచ్చి, తమ తమ చోట్లలో కూర్చున్నారు.

"టపీమనలేదేం?" అన్నాడు బాబాయి నిరాశగా.

కూతురు చేతిసంచీ తెరిచింది. అందులోంచి కాలం చెల్లిన బస్సుల వేళల అట్ట ఒకటి తీసింది. బల్ల మీది కత్తెర అందుకుంది.

"నీ కిటికీ ఒకసారి నేను దాచేశాను, గుర్తుందా అమ్మా? మా స్నేహితురాళ్ళు వస్తున్నారని."

"ఎక్కడ దాచావో కూడా గుర్తుంది. పప్పుల డబ్బాలో. కందిపప్పు వాసన చాన్నాళ్ళు పోలేదు."

"ఎంత వెడల్పు కొయ్యాలి?"

"నన్నడుగుతావేం? ఒక్క వీధి పట్టాలి, అంతే. వాడేది నువ్వూ నేనూ కాదుగా."

కూతురు గువ్వ వైపు తిరిగింది. గువ్వ అట్టను చేతిలోకి తీసుకుని, రెండు వేళ్ళ మధ్య కొంచెం ఎడం పెట్టి చూపించింది. "ఇంత. ఒక్క వీధి పట్టాలి."

కత్తెర నెమ్మదిగా నడిచింది.

"మరి సోమవారం ట్యూషన్?" అతుకులమ్మ తల ఎత్తకుండానే అడిగింది. జిగురు అంటిన వేళ్ళను తుడుచుకుంటోంది.

"ముందు ఇక్కడికే వస్తుంది" అంది కూతురు. "డ్యూటీ దిగి నేనొచ్చాక, ఈ బల్ల దగ్గరే, ముందు నేను చదివి వినిపిస్తాను. తర్వాత అది చదువుతుంది. ఎంత చదివితే అంత."

బాన పక్కన, హాల్లో పెట్టబోయే వివరాల పలక పడి ఉంది. కూతురు దాన్ని తీసి, గొంతు సవరించుకుని, బస్‌స్టేషన్ స్వరంతో అందుకుంది. "ప్రయాణికులకు గమనిక. నీళ్ళు నిలవచేసే మట్టి బాన, పొట్ట మీద అలల గీతలతో, సోమవారం ముందు హాల్లో నిలుచును."

బాబాయి చప్పట్లు కొట్టాడు. గువ్వ నవ్వుతూనే పలకను లాక్కుని, దాని మీద కొత్త కిటికీ ఆనించింది. మొదటి మాట దగ్గర వేలు ఆగింది. ఎవరూ అందించలేదు. పెదవులు కదిలాయి. కిటికీ కొంచెం జరిగింది, ఆగింది, మళ్ళీ జరిగింది. బాన మీద ఎండ కూడా అలాగే, తొందర లేకుండా, పైకి ఎక్కుతోంది.