ఎడమ దిక్కు పల్లికాయలు

మొన్న పని మీద వనపర్తి మార్కెట్ యార్డుకు వెళ్లాను. నేల మీద కుడి సగమంతా పల్లికాయలు ఆరబోశారు, ఎడమ సగం ఖాళీగా ఉంది. నేను మాత్రం తిన్నగా కుడివైపే నడిచి, కాయలు తొక్కి, ఒక రైతు చేత తిట్లు తిన్నాను. పల్లికాయలంటే ఎడమవైపే ఉంటాయని నా కాళ్లు ఎప్పుడో నేర్చుకున్నాయి. ఒకే ఒక్క ఫుట్‌బాల్ సీజన్‌లో నేర్చుకున్నాయి.

ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్ ముగించి, వనపర్తి దగ్గర ఒక నూనె మిల్లులో మోటార్లు చూసుకుంటున్న రోజులవి. మిల్లు యజమానిని అందరం సేఠ్ అనేవాళ్లం. ఆయనకు ఫుట్‌బాల్ పిచ్చి. లీగులో కింది డివిజన్‌లో ఆడే ఒక క్లబ్బు నడిపేవారు. ఆటగాళ్లకు నెల జీతం, ఏడాది ఒప్పందం. ఖాళీగా కనిపిస్తాననేమో, జట్టు ప్రయాణాలు, సామాను నా నెత్తిన పెట్టారు. మొత్తం పదహారు మంది. ఇద్దరు గోల్‌కీపర్లు, అందులో ఒకరికి దూరపు చూపు అంతంత మాత్రం. అమ్రాబాద్ నుంచి వచ్చిన డిఫెండర్ తలతో బంతి కొట్టినప్పుడల్లా వెంటనే క్రాపు సర్దుకునేవాడు. మధ్యలో ఆడే ఇద్దరు అన్నదమ్ములు ఇంట్లో మాట్లాడుకోరు గానీ మైదానంలో బంతి మాత్రం ఒకరికొకరు ఇచ్చుకునేవాళ్లు. ఇక ఎడమ అంచున ఆడేది మా బావ, అంటే మా అక్క భర్త.

బావది గోపాల్‌పేట. ముప్పై దాటినా పరుగు తగ్గలేదు, ఎడమ కాలు చాలా చక్కనిది. అయితే ఆ ఏడాది మ్యాచ్ తర్వాత మ్యాచ్ గడుస్తున్నా ఆయన దగ్గరికి బంతి వచ్చేది కాదు. సీజన్ సగంలో కోచ్ సాబ్ నన్ను పక్కకు పిలిచి, కుటుంబం మనిషినని ముందుగా చెప్పారు. "మీ బావ మంచోడే, గని ఆటల కలుస్తలేడు. గిట్లనే ఉంటే వచ్చే ఏడు రాసుకోను." ఒప్పందం లేకపోతే బడి బస్సు నడపాలి. అక్క ఆ పని అప్పుడే మాట్లాడి పెట్టింది. ఆ సంగతి వచ్చినప్పుడల్లా బావ లేచి వెళ్లి బూట్లు తుడుచుకునేవాడు, అప్పటికే తుడిచినవే అయినా.

మేము ప్రాక్టీస్ చేసే చోటు గురించి చెప్పాలి. అది మిల్లు వెనక స్థలం. యాసంగి పంట, అంటే రబీ పంట, రాగానే ఆ స్థలంలో సగం పల్లికాయలు ఆరబోసేవాళ్లు. మిగిలిన పొడుగాటి ముక్కలో మా ఆట. అటు తిరిగి ఆడితే ఎడమ కుడి అవుతుంది కదా అని ఎవరికైనా సందేహం రావచ్చు. కాదు, ఎందుకంటే అక్కడ ఉన్నది ఒక్కటే గోల్ పోస్టు, రెండోది ఉండాల్సిన చోట బస్తాలు పేర్చి ఉండేవి. కాబట్టి పల్లికాయలు ఎప్పుడూ మాకు ఎడమవైపే. కాయలు తిరగేసే పెద్దమ్మ అంటే జట్టంతటికీ భయం. ఒకసారి బంతి కాయల్లోకి పోతే దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చుని, సాయంత్రం దాకా ఇవ్వలేదు. "బూటు పడితె పప్పు పలుగుతది. నీ బాల్ పలుగుతదా?" అని అడిగింది. అప్పటినుంచి అందరూ జాగ్రత్తగా కుడివైపే ఆడసాగారు.

ఆ జాగ్రత్త మాకు ఎంతగా ఒంటబట్టిందో గద్వాలలో తెలిసింది. అక్కడ మైదానం వెడల్పు. అన్నదమ్ముల్లో పెద్దవాడికి బంతి దొరికింది. ఎడమవైపు ఎవరూ అడ్డం లేరు, బావ ఒక్కడే చెయ్యెత్తి నిలబడి ఉన్నాడు. పెద్దవాడు అటు చూశాడు, చూసి కుడివైపు తిరిగి ముగ్గురి మధ్యలోకి పోయి బంతి పోగొట్టుకున్నాడు. కాసేపటికి తమ్ముడూ అదే చేశాడు. మూడోసారి కూడా అలాగే జరిగేసరికి, మైదానంలో ఎన్నడూ నోరెత్తని బావ గట్టిగా అన్నాడు.

"అరె, ఈడ పల్లికాయల్లేవురా! ఇటియ్యండి!"

గద్వాల జనానికి ఏమీ అర్థం కాలేదు. మా బెంచీ మీద మాత్రం నవ్వులు మొదలయ్యాయి. కోచ్ సాబ్ నవ్వలేదు. ఆ ఎడమ అంచును చాలాసేపు చూస్తూ నిలబడ్డారు. ఆ మ్యాచ్ ఓడిపోయాం. తిరుగు ప్రయాణంలో బస్సు కృష్ణ దాటాక ఆయన బావ పక్క సీటులోకి మారి కూర్చున్నారు. ఏం మాట్లాడుకున్నారో నాకు వినబడలేదు.

మర్నాడు పొద్దున ఆయన పెద్దమ్మ దగ్గరికి వెళ్లి, కాయలు కుడి దిక్కుకు మార్చమని అడిగారు. అసలు ఆరబోయొద్దని అడగలేం. మిల్లు నడిస్తేనే జీతాలు. కుడి దిక్కు మధ్యాహ్నం షెడ్డు నీడ పడుతుందని, కాయలు ఎండవని పెద్దమ్మ వాదించింది. చివరికి ఒక షరతు మీద ఒప్పుకుంది. "ఆట అయినంక మీ పదారు మంది కాయలు ఎండల పోసి పోవాలె. నీతోని కలిపి పదిహేడు." కోచ్ సాబ్ తలూపారు, మాట ప్రకారం చీపురు కూడా పట్టారు.

మొదటి రెండు రోజులు నవ్వాపుకోలేకపోయాం. అలవాటున కుడివైపు తిరగడం, పెద్దమ్మను చూసి ఆగడం, ఒకరినొకరు గుద్దుకోవడం. నెమ్మదిగా బంతి ఎడమకు నడవడం నేర్చుకుంది. ఆడని నా కాళ్లు మాత్రం పాత అలవాటు మానలేదు. సీజన్‌లో చివరి మ్యాచ్ నాగర్‌కర్నూల్‌లో. రెండో సగంలో తమ్ముడు తలైనా ఎత్తకుండా ఎడమకు తన్నాడు. బావ అక్కడ ఉన్నాడు. అంచు వెంట పరుగెత్తి, గోల్ ముందుకు ఎత్తి వేశాడు. అమ్రాబాద్ డిఫెండర్ తల తగిలించాడు. బంతి వలలో పడ్డాక క్రాపు సర్దుకోవడం మరిచిపోయాడు. పట్టికలో మేము పైకీ పోలేదు, కిందికీ దిగలేదు, మధ్యలోనే మిగిలాం. బావ బూట్లు విప్పుతుంటే కోచ్ సాబ్ వచ్చి, "రాసుకుంటున్న," అని ఒక్క మాట అని వెళ్లిపోయారు. బావ అక్కకు ఫోన్ చేశాడు. "ఆ బస్సోళ్లకు జర ఆగమని చెప్పు," అన్నాడు.

ఆయన మరో సీజన్ ఆడాడు, అంతే. ఆ సీజన్ చివర్లో మోకాలు వాచింది. కోచ్ సాబ్ ఉండమన్నా తనే వద్దని చెప్పి, మరుసటి వారం బడి బస్సు ఎక్కాడు. ఆ మోకాలికి ఆ ఏడాది ఎందుకు, ముందే మానేస్తే పోయేది కదా అని నేనంటే అక్క ఒప్పుకోదు. ఏడాది కాలం పెద్దదేమీ కాదు గానీ, ఒక మనిషి తన ఆటను తానే ముగించుకోవడానికి అంత కాలమైనా పడుతుంది.