గుట్ట మీద ఇంజను, గదిలో దీపాలు

మొన్న మధ్యాహ్నం చారన్నం కలుపుకుంటూ ఉండగా పక్కన పెట్టుకున్న సెల్‌ఫోను టింగుమంది. రిటైరయ్యాక పూండి దగ్గర కొన్న కాస్త తోటలో బోరు మోటారు తిరగడం మొదలుపెట్టిందని సమాచారం. మా తమ్ముడి కొడుకు ఎక్కడో కంపెనీలో డ్యూటీలో ఉండి ఫోనులో బొత్తాం నొక్కితే ఇక్కడ మోటారు తిరుగుతుంది, తిరిగిన సంగతి వాడికీ నాకూ ఒకేసారి తెలుస్తుంది. ఈ మహిమ అంతా వాడు నాకు ఎంతో ఓపికగా, చిన్నపిల్లవాడికి అక్షరాలు దిద్దించినట్టు నేర్పించాడు, నేనూ బుద్ధిగా తల ఊపుతూ నేర్చుకున్నాను. వాడు పుట్టకముందే నేను తిరువళ్ళూరులో కుర్చీలో కూర్చుని తిరుత్తణి గుట్ట మీది ఇంజనును తిప్పినవాణ్ణనీ, ఒకప్పుడు నా పెళ్ళి ఆ ఇంజను దగ్గరే ఆగి నిలబడిందనీ వాడితో ఎట్లా చెప్పను? చెబితే పెదనాన్న మళ్ళీ మొదలుపెట్టాడని నవ్వుతాడు. అందుకే నా ఈడువాళ్ళకు, ట్రంకుకాల్ బుక్ చేసి పోస్టాఫీసు బెంచీ మీద సాయంత్రం దాకా ఓపిక పట్టినవాళ్ళకు చెప్పుకుందామని కూర్చున్నాను.

అది ఎనభైల తొలి ఏళ్ళ మాట. మద్రాసు నుంచి తిరుపతి వైపు పోయే మాటలు తీగల మీద కాక, ఎత్తైన టవర్లకు బిగించిన పెద్ద పెద్ద పళ్ళేల మధ్య గాలిలో పోవడం మొదలైన కాలం. ఒక టవరు పంపినదాన్ని ఇంకొక టవరు అందుకుని, దానికి కాస్త బలం పోసి ముందుకు తోయాలి. అలా అందుకుని తోసే స్టేషను ఒకటి తిరుత్తణి దాటాక ఒక గుట్ట మీద ఉండేది. స్వామివారి కొండ కాదు, మేకలు తప్ప ఎవరూ ఎక్కని వేరే గుట్ట. నేను టెక్నీషియనుగా చేరిన కొత్తలో ఇద్దరిద్దరం వంతులవారీగా ఆ గుట్ట మీదే ఉండేవాళ్ళం. కిరసనాయిలు స్టవ్వు మీద పులుసు కాచుకోవడం, చెప్పులు వేసుకునే ముందు తేలు ఉందేమోనని దులుపుకోవడం, ఆడికృత్తికకు పసుపు బట్టలతో కావళ్ళు మోసుకుంటూ పోయే జనాన్ని పైనుంచి చూస్తూ నిలబడటం, ఇవే మా కాలక్షేపాలు. ఆఫీసు రాతలన్నీ ఇంగ్లీషులో, మాటలన్నీ అరవంలో, ఇంజను మొరాయిస్తే తిట్లు మాత్రం శుద్ధమైన తెలుగులో నడిచేవి.

తర్వాత డిపార్టుమెంటువాళ్ళు కొత్త యంత్రం ఒకటి దింపారు. ఇక గుట్ట మీద మనుషులు కాపురం ఉండనక్కరలేదు, అక్కడ ఏం జరిగినా తిరువళ్ళూరు ఆఫీసులో గోడకు బిగించిన ప్యానెల్ మీద ఒక చిన్న దీపం వెలుగుతుంది. కరెంటు పోతే ఒక దీపం, బ్యాటరీ దిగిపోతే ఒకటి, టవరు కొసన విమానాల కోసం పెట్టిన లైటు మాడిపోతే ఒకటి, తలుపు ఎవరైనా తీస్తే ఒకటి. ఇవన్నీ ఎర్రవి. ఇంజను తిరుగుతున్నప్పుడు వెలిగేది ఒక్కటే పచ్చది. ఎర్రదీపంతో పాటు చెవులు చిల్లులు పడేలా బజరు కూడా మోగుతుంది. కరెంటు పోతే ఇంజను తనంత తానే మొదలు కావాలి. కాకపోతే ఇక్కడినుంచి మొదలుపెట్టడానికి ఒక మీట, ఆపడానికి ఒక మీట ఉండేవి. గుట్ట మీదికి మాట్లాడటానికి సర్వీసు ఫోను ఒకటి. నన్ను గుట్ట దింపి ఆ ప్యానెల్ ముందు కూర్చోబెట్టారు. గుట్ట కింద గుడిసెలో ఉండే కావలి తాత దగ్గర, డీజిలు పోయడానికని, ఇంజను గది తాళంచెవి మాత్రం ఉండేది.

ఇంతకీ ఆ ఉద్యోగంలో ఉన్న చిక్కు ఏమిటంటే, అన్నీ సవ్యంగా ఉన్నప్పుడు ప్యానెల్ మీద ఒక్క దీపమూ వెలగదు. చీకటిగా ఉండటమే క్షేమం. ఆర్.కె.పేట వైపు మాది నేతపని చేసుకునే వీధి. ఇంటింటా గుంటమగ్గం, పొద్దు పొడిచింది మొదలు పోగుల మధ్య అటూ ఇటూ నాడె ఆడే చప్పుడే. చేతులూ కాళ్ళూ ఆడనివాడు పనిచేస్తున్నాడంటే అక్కడ ఎవరూ ఒప్పుకోరు. మీవాడు ఏం చేస్తాడని ఎవరైనా అడిగితే మా నాన్న పడే అవస్థ చూడాలి. టెలిఫోను డిపార్టుమెంటు అని గొప్పగా మొదలుపెట్టి, దీపాలు చూసుకుంటాడు అని నసుగుతూ ముగించేవాడు.

ఆ రోజుల్లోనే ఒక పెళ్ళిలో వడ్డన చేస్తున్న ఒక అమ్మాయిని చూశాను. అమ్మకు దూరపు అన్న కూతురు, మాకు వరసైన పిల్లే. ఎవరి ఆకులో ఏది తక్కువైందో వాళ్ళు నోరు తెరిచి అడగకముందే కనిపెట్టి వచ్చి వడ్డించేది. నాకు ఎంత నచ్చిందంటే, ఆ పిల్ల కాకపోతే ఇంకెవరూ వద్దని అమ్మతో చెప్పేశాను. అంత మాట పైకి అనడం మా వీధిలో అప్పటికి మర్యాద కాదు. అమ్మ కబురు పంపింది. పిల్ల తండ్రి, అంటే వరసకు నాకు మామ, ఆ చుట్టుపక్కల లుంగీలకు పేరుపడ్డ నేతగాడు. తన చేయి తాకనిది దేన్నీ నమ్మని మనిషి. వీధిలో పడుగు పరిచి గంజి పెట్టి ఆరబెట్టాక, ఆరిందని పదిమంది చెప్పినా సరే, ఈ కొసనుంచి ఆ కొసదాకా అరచేత్తో నిమిరి చూసుకున్నాకే చుట్టనిచ్చేవాడు. ఆయన మా నాన్నను ఒకటే అడిగాడట, దీపాలు వెలిగించే పనా, ఆర్పే పనా అని. రెండూ కాదని నాన్న చెప్పేసరికి, అయితే నేనే వచ్చి చూస్తానన్నాడు. చూసి నచ్చితేనే పిల్లనిస్తాడు, లేకపోతే లేదు. పిల్ల తల్లి తరఫున ఇంకో సంబంధం సిద్ధంగా ఉందని కూడా తెలిసింది.

వచ్చే రోజు రానే వచ్చింది. మామా నాన్నా కలిసి రైల్లో దిగారు. మా సీనియరు అన్న, తిరువాలంగాడు దగ్గర రైతు కుటుంబంలోవాడు, పెళ్ళి మాట వింటే చాలు, తన పనులన్నీ పక్కన పెట్టే రకం. వడలూ కాఫీ తెప్పించాడు, నా చేత ఇస్త్రీ చొక్కా వేయించాడు. మామ తుండు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ప్యానెల్ వంక చూశాడు, నా వంక చూశాడు, మళ్ళీ ప్యానెల్ వంక చూశాడు. ఏమీ జరగలేదు. ఏమీ జరగకపోవడమే నా పనితనమని పిల్లనిచ్చే మామకు ఎట్లా విన్నవించుకోను? చాలాసేపయ్యాక ఆయన నాన్న వైపు తిరిగి నెమ్మదిగానే అన్నాడు.

“సుమ్మా కూచోని ఉండేదానికి జీతమా బావా?”

ఊరికే అనడానికి మా వైపు సుమ్మా అనే అంటాం. ఆ ఒక్క మాటకు నాన్న తల దించుకున్నాడు. సీనియరు అన్నకు అది చూసి ప్రాణం ఒప్పలేదు. ప్యానెల్ అడుగున, బల్బులు మాడిపోయాయేమో చూసుకోవడానికి ఒక బొత్తాం ఉంటుంది, అది నొక్కితే అన్ని దీపాలూ ఒక్కసారిగా వెలుగుతాయి. అల్లుడి పని వైభవం చూపిద్దామని ఆయన ఆ బొత్తాం నొక్కి పట్టుకున్నాడు. ఎర్రగా దీపాలు, గదంతా బజరు రొద.

మామ దిగ్గున లేచి నిలబడ్డాడు. కొత్త పడుగు ఎక్కించినప్పుడు మొదటి పోగు తెగితే అపశకునమని, ఆ రోజుకు ఆ మగ్గం మీద మళ్ళీ కూర్చోని ఇల్లు వాళ్ళది. శుభం మాట్లాడుకోవడానికి వచ్చిన చోట ఇన్ని ఎర్రదీపాలూ ఆ ఏడుపూ చూసి ఆయన ఏమనుకుని ఉంటాడో వేరే చెప్పాలా? సీనియరు అన్నకు తెలియదు సరే, నేత ఇంట్లో పుట్టిన నాకైనా తోచి ఆయన చేయి పట్టుకుని ఉండాల్సింది. తోచలేదు. అన్న కంగారుపడి బొత్తాం వదిలేశాడు, దీపాలన్నీ ఆరిపోయాయి, ఒక్కటి తప్ప.

బజరూ ఆగకపోయేసరికి, బొత్తాం ఇరుక్కుందేమోనని అన్న దాన్ని తడుతున్నాడు. ఆ వెలుగుతున్నది కరెంటు దీపమని నేను చూశాను. గుట్ట మీద నిజంగానే కరెంటు పోయింది, పచ్చదీపం మాత్రం రాలేదు. అంటే ఇంజను తనంత తాను లేవలేదు. అలాగే వదిలేస్తే బ్యాటరీలు దిగిపోయి తిరుపతి వైపు లైన్లన్నీ మూగబోతాయి. మామ ఉన్నాడన్న సంగతే మరిచిపోయి లేచి వెళ్ళి మీట నొక్కాను. పచ్చదీపం వెలగలేదు. కాస్త ఆగి మళ్ళీ నొక్కి పట్టుకున్నాను. ఈసారి వెలిగింది. నేను ఊపిరి పీల్చుకుని వెనక్కి తిరిగేసరికి, గుమ్మం దాకా వెళ్ళిన మామ అక్కడే నిలబడి నా చేతి వంక చూస్తున్నాడు. తిరుత్తణి గుట్ట మీద ఇంజనును లేపానని చెప్పాను. ఆయన చిన్నగా నవ్వాడు. కోతలు కోసేవాణ్ణి చూసి పెద్దవాళ్ళు నవ్వే నవ్వు అది. అబ్బోడా, పోయొస్తా అని ఒక్క మాట అనేసి, సంబంధం ఊసే ఎత్తకుండా వెళ్ళిపోయాడు.

నాన్న ఆయన్ని రైలెక్కించి వచ్చి, తాను ఏ రైలుకూ పోకుండా మా ఆఫీసు మెట్ల మీద కూర్చుండిపోయాడు. నాకైతే ఆ ప్యానెల్‌ను చూస్తే మొదటిసారి కోపం వచ్చింది. మగ్గం మీదే ఉండిపోయి ఉంటే ఈపాటికి ఆ పిల్ల తండ్రి నా నేతను చేత్తో నిమిరి చూసి సరేననేవాడు కదా అనిపించింది. పొద్దు వాలే వేళకు గుట్ట మీదికి కరెంటు తిరిగి వచ్చింది, మీట నొక్కి ఇంజను ఆపేశాను. ఆపిన కాసేపటికి బజరు మోగింది. ఇంజను గది తలుపు దీపం.

డీజిలు పోసే రోజు కాదు, ఎవరు తీశారు? సర్వీసు ఫోను తిప్పాను. కావలి తాత ఎత్తుకుని, మీ మామంట సార్, తిరుత్తణిలో రైలు దిగి వచ్చినాడు, ఇంజను చూడందే పోనని కూర్చున్నాడు, పెద్దాయన్ని ఎట్లా పొమ్మనేది అని నసిగాడు. ఇంజను తిప్పింది నువ్వేనా అని మామ తనను గుచ్చి గుచ్చి అడిగాడనీ, తాను పొద్దుటినుంచీ గుట్టే ఎక్కలేదని ఒట్టు పెట్టాల్సి వచ్చిందనీ మొర పెట్టుకున్నాడు. తర్వాత ఫోను చేతులు మారిన చప్పుడు వినిపించింది. గుట్ట ఎక్కిన ఆయాసం ఇంకా తీరని గొంతు.

“తాకి చూసినా అల్లుడా. వెచ్చంగా ఉండాది.”

అవును మామా అని మాత్రం అన్నాను. ఫోను పెట్టేసి మెట్ల దగ్గరికి వెళ్ళి నాన్నతో చెబితే, ఆయన పంచె కొంగుతో ముఖం తుడుచుకుని, సరి, రైలుకు టైమైంది అని లేచాడు. తలుపు దీపం ఇంకా వెలుగుతూనే ఉంది, మామ ఇంజను చుట్టూ తిరిగి చూస్తున్నట్టున్నాడు. అది ఆరిపోయేదాకా నేను దానివంకే చూస్తూ కూర్చున్నాను. తలుపు తెరిచి ఉందని చెప్పే దీపాన్ని అంత సంతోషంగా చూసిన టెక్నీషియను ఆ డిపార్టుమెంటులో మరొకడు ఉండి ఉండడు.

పెళ్ళయింది. ఆ రోజు ఇంటికి వచ్చి వాళ్ళ నాన్న ఏమన్నాడో నా భార్య చాలా ఏళ్ళకు గానీ నాకు చెప్పలేదు. ఆయన కాళ్ళు కడుక్కుని, మంచినీళ్ళు కూడా తాగకుండా కూతుర్ని పిలిచి అన్నాడట.

“మీయమ్మ పొయ్యికాడ ఉండినా, ముందర మగ్గం ఆగితే గంటి చేతపట్టుకోనే వస్తాది గదా. ఆ పనేమ్మా ఆ అబ్బోడు చేసేది. యాడో కూచోని కనిపెట్టుకోని ఉండాడు. నువ్వు యాడుండినా నిన్ను గూడా కనిపెట్టుకోని ఉంటాడులే.”

నా ఉద్యోగం గురించి అంత చక్కగా చెప్పినవాళ్ళు మళ్ళీ నాకు కనబడలేదు. పెద్ద ఇంజనీర్ల ఉపన్యాసాలు ఎన్నో విన్నాను, ట్రైనింగులకు పోయి వచ్చాను, ప్యానెళ్ళు మారి తెరలు వచ్చాయి, ఒక తెర మీదే లెక్కలేనన్ని టవర్లు కనబడే రోజులూ చూసి బయటికి వచ్చాను. వచ్చినవన్నీ మంచివే. గుట్ట మీద తేళ్ళతో కాపురం చేసినవాణ్ణి, ఆ రోజులే బాగున్నాయని అబద్ధం చెప్పలేను. మామ నిండు జీవితం గడిపి, నా చేతుల మీదుగానే వెళ్ళిపోయాడు. ఆయన నన్ను ఒక్కనాడూ నీ పనేంటని మళ్ళీ అడగలేదు.

మా అమ్మాయి పెళ్ళి కుదిరినప్పుడు, అబ్బాయి ఏం చేస్తాడంటే కంప్యూటర్లో ఏదో పని అన్నారు. జీతం మంచిది, కుటుంబం మంచిది, ఫోటోలన్నీ ఫోనుకే వచ్చాయి, సరేనన్నాను. పోయి ఒకసారి చూసి రమ్మని నా భార్య అన్నది. అక్కడ తెర తప్ప చూడటానికి ఏముంటుంది, తాకడానికి ఏముంటుంది అని నేనే నవ్వేశాను. అదృష్టం, పిల్లవాడు బంగారం. అయినా అమ్మాయిని అత్తవారింటికి పంపి వచ్చిన రోజు వరండాలో కూర్చుంటే ఒకటే తోచింది. మామ అయితే పోయి చూసి వచ్చేవాడు.