కొబ్బరినూనె తూటాలు

నలభై మంది తుపాకీవాళ్ళ మధ్య, మిట్టమధ్యాహ్నం, అత్తగారి కళ్ళెదుట పరువు పోగొట్టుకోవడం ఎలాగో నేర్చుకోవాలంటే మీరు సరైన మనిషి దగ్గరికే వచ్చారు. నాలుగేళ్ళ కిందట అమెరికాలో, క్యారీ అనే ఊళ్ళో ఆ ఘనకార్యం చేసింది నేనే. పేరు మాత్రం చెప్పను. నేనో మందుల కంపెనీలో కెమిస్టుని, ఇంకా అక్కడే పనిచేస్తున్నాను.

మా పక్కింటి వాల్టర్‌కి అప్పుడు డెబ్భై ఎనిమిదేళ్ళు. మేం ఆ వీధిలోకి వచ్చిన కొత్తలో నేను ఆఫీసు పనిమీద వేరే ఊళ్ళో ఉంటే, నొప్పులు పడుతున్న నా భార్య శిరీషని హాస్పిటల్‌కి డ్రైవ్ చేసి తీసుకెళ్ళి, నేను వచ్చేదాకా కుర్చీలోంచి లేవకుండా కూర్చున్న మనిషి ఆయన. అలాంటి వాల్టర్ ఒక జనవరి సాయంత్రం పొడవాటి రైఫిల్ పట్టుకుని మా గుమ్మంలోకి వచ్చాడు. అది వాళ్ళ నాన్నది. తుపాకీ మందూ తూటా గొట్టం మూతిలోంచి వేసి, కడ్డీతో కూరి కాల్చే పాతకాలం రకం.

"నా చూపు మందగించింది, ఇక గురి చూడలేను. జూలైలో మా తుపాకీ క్లబ్ పోటీ అయిపోగానే ఒరెగాన్‌లో మా అమ్మాయి దగ్గరికి వెళ్ళిపోతున్నాను. పోయేలోగా ఇది ఒక్కసారి గురిచూసి కొడితే చూడాలనుంది. నా బదులు నువ్వు కాల్చాలి," అన్నాడు.

"నేనా? నేను చీమని కూడా చంపలేనండీ!"

"చీమలొద్దు. కాగితాన్ని కొట్టు చాలు."

అసలు పని అప్పుడు మొదలైంది. ఆ రైఫిల్ మగపెళ్ళివారి పెద్దలాంటిది. దానికి ఏది నచ్చుతుందో మనమే కనిపెట్టాలి. మొన తేలిన సీసపు తూటాకి ఎంత మందు పోయాలి, ఎంత గట్టిగా కూరాలి, తూటాకి ఏం పూయాలి? ఏ ఒక్కటి తేడా వచ్చినా తూటా పక్కవాడి టార్గెట్‌ని పలకరించి వస్తుంది.

"ఒకసారికి ఒక్కటే మార్చు. ప్రతి గుండుకీ గొట్టం తుడువు. కడ్డీ ఎప్పుడూ ఒకేలా నొక్కు," అని వాల్టర్ ఉపదేశం చేసి, తూటాల సంచీతో పాటు ఓ రేకు డబ్బా ఇచ్చాడు. అందులో ఉన్నది తూటాలకి పూసే కొవ్వు. ఆయన తన చేతులతో కాచిన పశువుల కొవ్వు!

అప్పుడే మా అత్తగారు ఆరునెలలుందామని రాజమండ్రి నుంచి వచ్చి ఉన్నారు. వంటింటి గట్టుమీద డబ్బా మూత తీసి, "అల్లుడుగారూ, ఈ వెన్న వాసన తేడాగా ఉందేమిటి?" అన్నారు. నిజం చెప్పాను. ఆవిడ మూడుసార్లు చేతులు కడుక్కుని, "ఇది గడప దాటి లోపలికి రాకూడదు బాబూ. మీరు కూడా దీన్ని ముట్టుకోనని మాటివ్వండి," అన్నారు. ఇచ్చాను.

పోనీ డబ్బా తిరిగి ఇచ్చేద్దామా అంటే నోరు రాలేదు. ఆనాడు హాస్పిటల్లో రాత్రంతా కూర్చున్న మనిషితో, 'మీ కొవ్వు మాకు పనికిరాదండీ' అని ఏ ముఖంతో చెప్పను? డబ్బాని గరాజ్‌లో దాచేసి, శిరీష తలకి రాసుకునే కొబ్బరినూనె సీసా తెచ్చాను. చలికి గడ్డకట్టి, తెల్లగా, ముద్దుగా ఉంది. దాన్నే గీకి తూటాలకి పూశాను.

ఫలితం చూసి నాకే కళ్ళు తిరిగాయి. మార్చి దాకా ప్రతి శనివారం వాల్టర్‌తో క్లబ్ మైదానానికి వెళ్ళి, మందు తూకం అరవై గ్రెయిన్ల నుంచి తొంభై దాకా మారుస్తూ పరీక్షించాను. డెబ్భై దగ్గర మూడు తూటాలూ కాఫీ కప్పు మూతంత చోట పడ్డాయి. పన్నెండు రంగుల్లో ఎక్సెల్ షీట్ చేశాను. శిరీషకి చూపిస్తే, "మన టాక్స్ పేపర్లు కూడా ఇంత శ్రద్ధగా చేస్తే బావుండు," అంది.

జూలై వచ్చింది. ఎండ నిప్పులు చెరుగుతోంది. వాల్టర్ కళ్ళకి బైనాక్యులర్స్ పెట్టుకుని మడతకుర్చీలో కూర్చున్నాడు. పక్కన అత్తగారు పులిహోర డబ్బాతో. నేను కాల్చాల్సినవి అయిదు తూటాలు. జేబులోంచి తూటా తీశాను. వేళ్ళు జిడ్డుగా తగిలాయి. చెమట అనుకున్నాను. కూరాను. గురిచూశాను. నొక్కాను.

టప్!

అంతే. పేలిందేమీ లేదు. రూలు ప్రకారం గొట్టం ముందుకే పట్టుకుని నిమిషంపాటు కదలకుండా నిలబడ్డాను. ఆ నిమిషం నా పెళ్ళి కన్నా పొడుగ్గా సాగింది. క్లబ్ పెద్దమనిషి వచ్చి, ఆ తూటాని ఎలాగో మట్టిదిబ్బలోకి వదిలించాడు. రెండోది 'బుస్సు'మని సగం దూరంలో గడ్డిలో పడింది. మైదానమంతా తలంటు రోజు వాసన.

అత్తగారు కుర్చీలోంచి లేచి వచ్చారు. "అల్లుడుగారూ, తూటాలకి కొబ్బరినూనె రాశారా?"

"మీకు మాటిచ్చానని..."

"ఎండకి కరిగి మందులోకి కారదూ? ఇంతకీ మీరు కంపెనీలో చేసే ఉద్యోగం ఏమిటి బాబూ?"

ఏం చెప్పమంటారు? ఆయింట్‌మెంట్లు ఎండకి కరగకుండా చూడటం!

వాల్టర్ కూడా మెల్లగా మా దగ్గరికి వచ్చాడు. తన సంచీలోంచి మూడు తూటాలు తీసి నా ముందు పెట్టాడు. కొవ్వు పూసినవి. ఆ కళ్ళకి ఇంకో జూలై లేదని నాకు తెలుసు. నేను అత్తగారి వంక చూశాను.

ఆవిడ వాల్టర్ వంక చూశారు. "నా కూతుర్ని కాపాడిన మనిషి. మిమ్మల్ని తినమన్నాడా ఏమిటి? కాల్చమన్నాడు. కానివ్వండి. ఇంటికొచ్చి తలస్నానం చేద్దురుగాని."

గొట్టం శుభ్రంగా తుడిచి, డెబ్భై గ్రెయిన్లు పోసి కాల్చాను. ఢాం! ఢాం! ఢాం! పొగ విడిపోయేసరికి మూడు చిల్లులూ ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్నాయి. పోటీలో మాది చిట్టచివరి స్థానమే. కానీ వాల్టర్ బైనాక్యులర్స్ దించలేదు. వాటి కింద నుంచి చెంపలమీదికి నీళ్ళు కారుతున్నాయి. అంతకన్నా పెద్ద బహుమతి నేను జీవితంలో అందుకోలేదు.

కారులో సిగ్గు చంపుకుని వాల్టర్‌కి అంతా చెప్పేశాను. "క్షమించండి. ఆరునెలలు మీ దగ్గర దాచాను."

"దాచావా? మొదటి శనివారమే వాసన పట్టాను."

"మరి ఎందుకు చెప్పలేదు?"

"మీ మతంలో తూటాలకి చేసే పూజేమో అనుకున్నాను. అడిగితే నొచ్చుకుంటావేమోనని..."

అందుచేత, వెనకసీట్లో నవ్వి నవ్వి పొలమారిన అత్తగారి సాక్షిగా, ఇందుమూలంగా ప్రతిజ్ఞ చేస్తున్నాను: నాకు మేలు చేసిన మనిషి దగ్గర ఈ జన్మలో మళ్ళీ మొహమాటపడను. నా దగ్గర మొహమాటపడేవాణ్ణి కూడా చచ్చినా వదలను.