పదో పేరు

1932 జూన్‌లో కర్నూలు జిల్లాలోని ఒక బోర్డు హైస్కూలుకు నన్ను చరిత్ర అసిస్టెంటుగా వేశారు. ఊరి పేరు రాయను. అక్కడివాళ్ళకు ఎలాగూ తెలిసిపోతుంది, తక్కినవాళ్ళకు అక్కర్లేదు. ఎల్.టి. అనే టీచరు ట్రైనింగు ప్యాసై వచ్చిన కొత్త. ఉద్యోగం ఇంకా ప్రొబేషన్‌లో ఉంది, అంటే ఖాయమయ్యేదాకా బోర్డువారు ఎప్పుడైనా ఇంటికి పంపవచ్చు. దానికి తోడు నాలుగో ఫారానికి క్లాసు టీచరు పని కూడా నా నెత్తినే పెట్టారు.

నాలుగో ఫారమంటే ఇప్పటి తొమ్మిదో తరగతి. ఆనాటి ఎస్.ఎస్.ఎల్.సి. పద్ధతిలో ఇంగ్లీషు, తెలుగు, లెక్కలు లాంటివి అందరికీ ఒకటే. అవి కాక సి గ్రూపు అని ఒకటుండేది. అందులో ఎవరికి కావలసింది వాళ్ళు ఎంచుకోవాలి. మా స్కూల్లో ఉన్న దారులు రెండే. భౌతిక, రసాయన శాస్త్రాలు కలిపి ఒకటి, ఇంగ్లండు చరిత్ర ఒకటి. పిల్లవాడు ఒక కాగితం నింపి, తండ్రి చేత సంతకమో వేలిముద్రో వేయించి తేవాలి. క్లాసు టీచరు జాబితా కట్టి జూలై ఆఖరుకు హెడ్మాస్టరుకివ్వాలి. ఆ తర్వాత ఒక్కొక్కరి ఎస్.ఎస్.ఎల్.సి. పుస్తకంలో సిరాతో ఎక్కిస్తారు. ఎక్కాక మార్పు లేదు.

ఎంచుకోవడమని పేరే గాని, ఆ వయసులో నిజంగా ఎంచుకునేవాళ్ళు తక్కువ. అన్న పుస్తకాలు ఇంట్లో ఉంటే తమ్ముడూ అదే చదివేవాడు. కరణంగారి అబ్బాయి ఏది తీసుకుంటే అతని బెంచీ అంతా అదే. సైన్సు మాస్టారు బెత్తానికి జడిసి చరిత్రకు వచ్చినవాళ్ళూ ఉన్నారు. వాళ్ళను చూసి నేను నా పాఠం మీద ప్రేమ అనుకున్నాను, కొన్నాళ్ళు.

ఆ క్లాసులో చౌడయ్య ఒక్కడే తెలిసి ఎంచుకున్నవాడు. కోడుమూరు దగ్గర నేతవారి పిల్లవాడు, బంధువుల ఇంట్లో ఉండి చదువుకునేవాడు. రెండో ఫారంలో ఉండగా అతని చెల్లెళ్ళిద్దరూ ఒకే వానాకాలంలో చలిజ్వరంతో పోయారు. మరుసటేడు సైన్సు మాస్టారు తొట్టిలో నీళ్ళు తెప్పించి, దోమ పిల్లలను భూతద్దంలో చూపించి, ఆ జ్వరం ఎలా వస్తుందో చెప్పారు. గంట కొట్టాక కూడా చౌడయ్య భూతద్దం వదల్లేదట. అప్పటినుంచి అతనికి డాక్టరు చదువు తప్ప వేరే మాట లేదు. ఆ రోజుల్లో ఎల్.ఎం.పి. అనే చదువొకటుండేది. కాలేజీ మెట్లెక్కకుండా ఎస్.ఎస్.ఎల్.సి.తోనే మెడికల్ స్కూల్లో చేరడానికి వీలుండేది. నేతగాని కొడుకుకు అందేది అదొక్కటే.

మా బోర్డులో ఒక నియమం ఉండేది. సి గ్రూపులో ఏ పాఠానికైనా పదిమంది చేరకపోతే ఆ పాఠం నడపరు. అది చెప్పే టీచరు అదనమవుతాడు. ప్రొబేషన్‌లో ఉన్నవాడు అదనమైతే ఏమవుతుందో వేరే చెప్పనక్కర్లేదు. నా జాబితాలో చరిత్రకు తొమ్మిదిమంది తేలారు.

సైన్సు అని రాసిచ్చిన చౌడయ్యను పిలిచి, నీకు చరిత్రలో మార్కులు బాగా వస్తాయి, మొదటి స్థానంలో నిలుస్తావు, మొదటివాడికి ఏ తలుపైనా తెరుచుకుంటుంది అని చెప్పాను. అతను ఒప్పుకోలేదు, కాదనడానికి ధైర్యమూ చాల్లేదు. తండ్రిని తీసుకురమ్మన్నాను. రంగప్ప ఎండలో నడిచి వచ్చాడు. స్టాఫ్ రూములో కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"మావోడు డాకటరు సదువంటాండాడు అయివారూ. మాకేం తెలుస్తాది? ఈ చరిత్ర తీసుకుంటే దానికేం అడ్డం రాదు కదా?" అని అడిగాడు.

రాదన్నాను. మెడికల్ స్కూలు నిబంధనల పుస్తకం హెడ్మాస్టరు బీరువాలో ఉంది. లేచి నాలుగడుగులు వేస్తే చూడవచ్చు. చూస్తే ఏముంటుందో లోలోపల తెలుసు కాబట్టే చూడలేదు. రంగప్ప వేలిముద్ర వేసి, వేలికంటిన సిరాను తలపాగా కొసకు తుడుచుకున్నాడు.

జూలై మధ్యలో సైన్సు మాస్టారు సంగతి విని చౌడయ్యను మందలించారు. సైన్సు చదవనివాళ్ళ దరఖాస్తు మెడికల్ స్కూలువాళ్ళు ముట్టుకోరని ఆయన చెప్పారట. మర్నాడే చౌడయ్య మార్పు కోరుతూ అర్జీ రాసి తెచ్చాడు. దాని మీద క్లాసు టీచరు సిఫారసు రాసి హెడ్మాస్టరుకు పంపాలి. అర్జీ తీసుకుని సొరుగులో పెట్టాను. రెండుసార్లు వచ్చి అడిగాడు, చూస్తానన్నాను. జూలై ఆఖరున పదిమంది పేర్లతో జాబితా పంపాను. పదో పేరు చౌడయ్యది. ఆ తర్వాత అతను అడిగితే గడువు దాటిపోయిందన్నాను.

1935లో చౌడయ్య స్కూలుకు మొదటివాడుగా ప్యాసయ్యాడు. చరిత్రలో వచ్చిన మార్కులు చూసి హెడ్మాస్టరు నా భుజం తట్టారు. అప్పటికి నా ఉద్యోగం ఖాయమైంది. ఫలితాలు వచ్చిన వారానికి రంగప్ప తాను నేసిన పంచెల చాపు, ఇంకా కోయని జత, తెచ్చి నా చేతుల్లో పెట్టాడు. "మీ పుణ్యాన మావోడు ఒడ్డున పడినాడు అయివారూ" అన్నాడు. తీసుకున్నాను. అంత సిగ్గుపడిన రోజు నా జీవితంలో మరొకటి లేదు. అయినా తీసుకున్నాను.

నెల తిరక్కుండా మెడికల్ స్కూలు నుంచి దరఖాస్తు వెనక్కి వచ్చింది. చౌడయ్య ఆ కాగితం పట్టుకుని మా ఇంటికి వచ్చాడు. నిందిస్తాడనుకున్నాను. అతను అడిగింది ఒక్కటే.

"సార్, నేనిచ్చిన అర్జీ హెడ్మాస్టరు సారుకు పంపించినారా?"

పంపలేదన్నాను. మూడేళ్ళకు నా నోట వచ్చిన మొదటి నిజం అది. అతను కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "మా నాయనకు చెప్పద్దండి సార్. మీరంటే శానా గురి ఆయనకు" అని చెప్పి వెళ్ళిపోయాడు. తర్వాత మగ్గం పట్టాడని విన్నాను. కోడుమూరు మీదుగా ఎన్నోసార్లు బస్సులో వెళ్ళాను. దిగడానికి మొహం చెల్లలేదు.

హెడ్మాస్టరునయ్యాక నా స్కూల్లో పద్ధతి మార్చాను. సి గ్రూపు కాగితాలు ఆ పాఠం చెప్పే టీచరు ముట్టుకోకూడదు. తండ్రి వస్తే నిబంధనల పుస్తకం అతని ముందే తెరిచి, చదివి వినిపించాలి. మార్పు కోరే అర్జీని పిల్లవాడి ఎదుటే తేదీ వేసి రిజిస్టరులో ఎక్కించాలి. ఇందులో గొప్పేమీ లేదు. ఎవరికి లాభమో వాడే సలహా చెప్పకూడదని తెలుసుకోవడానికి నాకు ఒక పిల్లవాడి చదువు ఖర్చయింది.

1946లో నా స్కూల్లోనే చరిత్రకు తొమ్మిదిమంది వచ్చారు. చరిత్ర అసిస్టెంటు కొత్తవాడు, ప్రొబేషన్‌లో ఉన్నాడు. జాబితా వెళ్ళే రోజు నా బల్ల ముందు నిలబడి, సైన్సు వైపునుంచి ఒక్కణ్ణి ఇటు తిప్పమని బతిమాలాడు. ఇంటిదగ్గర పరిస్థితి చెప్పుకున్నాడు. అబద్ధమేమీ చెప్పలేదు, నాకు తెలుసు. అతని మొహం చూడలేక కిటికీ వైపు తిరిగాను. జాబితా మీద ఉన్నదున్నట్టు సంతకం చేశాను. ఆగస్టులో అతన్ని తీసేశారు.